ఇద్దరు నాన్నల ఉత్తరాలు

జోజిగారు ముప్పై నాలుగేళ్ళు భిలాయి ఉక్కు కర్మాగారంలో, హాజరు లెక్కలు చూసే టైమాఫీసులో గుమాస్తాగా పనిచేశారు. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఆయన బల్ల మీద ఒక్క కాగితమూ రాత్రి నిద్ర చేయలేదు. పొద్దున సర్క్యులర్ వస్తే సాయంత్రానికి జవాబు వెళ్ళిపోవాల్సిందే. మంచి అలవాటే, కాదనను. మంచి అలవాటు కూడా మనిషిని నిలువునా ముంచగలదని ఆయనకు రిటైరైన రెండేళ్ళకు, సుపేలా బజారులోని ఇంటర్నెట్ కొట్టులో తెలిసివచ్చింది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు షీబా సంగతి చెప్పాలి. జోజిగారికీ విమలకుమారికీ పెళ్ళైన పదమూడేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు. పుట్టుకతోనే చెవులు వినబడవు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం తల్లి నేర్పింది. తండ్రి మాట మాత్రం ఆ పిల్లకు అందేది కాదు. ఆయన మీసం గుబురుగా పెరిగి పై పెదవిని మొత్తం కప్పేసేది. పిల్లకు ఐదేళ్ళప్పుడు ఆ సంగతి కనిపెట్టి, మర్నాడే నున్నగా గీయించుకుని డ్యూటీకి వెళ్ళారు. ఆఫీసంతా నవ్వింది. ఎందుకు తీశావయ్యా అంటే ఉక్కపోతగా ఉందన్నారు. అది డిసెంబరు నెల. ఆయన వరసే అంత. ప్రేమ అని ఒప్పుకోవడం కంటే వాతావరణం మీదికి నెట్టేయడం ఆయనకు తేలిక.

ఆ పిల్ల పన్నెండో తరగతి గట్టెక్కి, చెన్నై దగ్గర వినికిడి లేని పిల్లల కోసం నడిపే కాలేజీలో చేరింది. ఫోను చేసి లాభం లేదు. సెల్‌ఫోన్లు అప్పటికింకా వాళ్ళుండే సెక్టర్ 4లో ఇంటికొకటి రాలేదు, జోజిగారింటికి అసలే రాలేదు. ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై మూడేళ్ళు నిండిన రోజులవి. మిగిలిన దారి ఈమెయిలు. శనివారం సాయంత్రం ఐదింటికి షీబా కాలేజీ కంప్యూటరు ముందు కూర్చునేది, ఇక్కడ సుపేలాలో జోజిగారు కూర్చునేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ గంటసేపు ఉత్తరం వెనక ఉత్తరం. వారానికి ఆ గంటే వాళ్ళ మాటామంతీ.

జోజిగారి ఉత్తరం ఎలా ఉండేదో కూడా వినండి. "విషయం: మీ అమ్మ మోకాలి నొప్పి. సూచిక: తమరి తేది 8-11-2003 నాటి ఉత్తరం. పై విషయమై తెలియజేయునది ఏమనగా, నొప్పి తగ్గినది. ఇట్లు, జోజి." కన్నకూతురికి!

పక్కనే కూర్చున్న విమలకుమారి తల పట్టుకునేది. "ఏటండీ ఇది, పిల్లకి మెమో ఇస్తన్నారా? బంగారుతల్లీ అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేటి పోద్ది?"

"దానికి తెల్దేటి? మళ్ళీ రాయాలా?" అనేవారాయన.

నవంబరు పింఛనుదారులకు పరీక్షల నెల. తాను బతికే ఉన్నానని ఏటా బ్యాంకుకు వెళ్ళి సంతకం పెట్టి రావాలి. రాకపోతే పింఛను ఆగిపోతుంది. ఒక గురువారం జోజిగారు ఆ పని ముగించుకుని, దారిలోనే కదా అని ఇంటర్నెట్ కొట్టులోకి తొంగిచూశారు. పెట్టెలో కొత్త ఉత్తరం ఉంది. పైన ముద్ర, పక్కన నంబరు, కింద ఎవరో అధికారి హోదా. మీ ఈమెయిలు ఖాతా వాడుకలో ఉన్నట్టు ఇరవై నాలుగు గంటల్లో ధ్రువపరచాలి, లేకపోతే మూసేస్తాం, పేరూ పుట్టిన తేదీ పాస్‌వర్డూ పంపండి అని దాని సారాంశం.

ఓహో, వీళ్ళూ బతికున్నట్టు కాగితం అడుగుతున్నారన్నమాట అనుకున్నారు జోజిగారు. ఖాతా మూతపడితే పిల్లతో మాట ఎలా? అడిగినవన్నీ పొల్లుపోకుండా నింపారు. అడగని ప్లాంటు ఉద్యోగి నంబరు కూడా వేశారు. అడుగున "విధేయుడు" అని పెట్టి పంపేశారు. ఒక్కపూటలో రెండు ఆఫీసుల పని తెమిల్చానన్న తృప్తితో ఇంటికి వెళ్ళి రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు. దొంగను పిలిచి పీట వేసి కూర్చోబెట్టిన సంగతి ఆయనకేం తెలుసు, పాపం.

శనివారం నాడు విమలకుమారి చర్చిలో స్త్రీల కూడికకు వెళ్తే, ఆయన ఒక్కరే నాలుగున్నరకు కొట్టుకు వచ్చారు. పాస్‌వర్డ్ కొట్టారు. తప్పంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పంది.

కొట్టు మణిమాలది. విజయనగరం నుంచి కోడలిగా వచ్చిన మనిషి. భర్త ప్లాంటుకు వెళ్తే ఆమె మూడు కంప్యూటర్లు పెట్టుకుని ఇది నడుపుతోంది.

"ఏటయింది బాబాయ్?" అంటూ వచ్చింది.

"తీసుకోడం లేదమ్మా. గురువారం ధ్రువపత్రం కూడా ఇచ్చీసాను కదా."

"ఏటిచ్చీసారు?"

ఆయన చెప్పారు. ఎంత త్వరగా జవాబిచ్చిందీ కాస్త గొప్పగానే చెప్పారు. మణిమాల నుదురు కొట్టుకుంది.

"అయ్యో బాబాయ్! మెయిలు కంపెనీవోలు పాస్‌వర్డ్ ఎప్పుడూ అడగరు. తాళం చేసినోడు మన తాళంచెవి అడుగుతాడేటి?"

"ఉత్తరానికి నంబరుంది కదమ్మా. హోదా కూడా ఉంది."

"ఖాకీ తొడుక్కుని గేటు కాడ నిలబడినోడల్లా సెక్యూరిటీయేనా? టైమాఫీసులో ఉండి ఇంత భోళా అయితే ఎలగ? వోడు మీ ఖాతాలో దూరి పాస్‌వర్డ్ మార్చీసాడు."

"ఇప్పుడేటవుద్ది?"

"లోపల కూకుని మీ ఉత్తరాలు చదువుతాడు. మీకు తెలిసినోలందరికీ మీ పేరు మీద రాస్తాడు, మీ పాస్‌వర్డ్ కూడా పంపండీ అని. వోలు మీరే అనుకుని ఇచ్చీస్తారు. అలగ ఒకరి వెనక ఒకరు."

జోజిగారి చిరునామాల పట్టీలో ఉన్నది ఒక్కరే.

తన పేరు పెట్టుకుని ఎవడో తన బిడ్డతో మాట్లాడతాడు. ఆ బిడ్డ ఫోను ఎత్తి "నాన్నా, నువ్వేనా?" అని అడగలేదు, గొంతు విని పోల్చుకోలేదు. ఆమెకు తండ్రి అంటే తెర మీది అక్షరాలే. "నేనడిగితే కాదనదమ్మా అది. ఏదడిగినా ఇచ్చీస్తాది," అన్నారు. షీబా ఖాతా కూడా దొంగ చేతికి పోతే ఆ పిల్ల అక్కడ ఒంటరిది, తామిక్కడ మూగవాళ్ళు.

గోడ గడియారం ఐదుకు పావు తక్కువ చూపిస్తోంది. పక్క బూత్ నుంచి హాస్టలుకు ఫోను చేశారు. మోగి మోగి ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నమే ఆఫీసు కట్టేస్తారు.

"టెన్షన్ పడకండి, కొత్త ఖాతా తెరుద్దాం," అంది మణిమాల. చకచకా తెరిచింది. "పాస్‌వర్డ్ మీరే కొట్టండి. మీ పేరూ పాప పేరూ వొద్దు, పుట్టిన తేదీ వొద్దు. నాక్కూడా చెప్పకండి." అని వీధి వైపు తిరిగి నిలబడింది. ఆయన ఒంటి వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కున్నంతసేపూ వెనక్కి చూడలేదు.

జేబు డైరీలోంచి షీబా చిరునామా ఎక్కించి, తనకు వచ్చిన పద్ధతిలోనే రాశారు. "విషయం: దొంగ ఉత్తరం గురించి హెచ్చరిక. సూచిక: లేదు. పై విషయమై తెలియజేయునది ఏమనగా, నా పాత ఖాతా దొంగల పాలైనది. అచ్చటి నుండి ఏ ఉత్తరము వచ్చినను నమ్మవద్దు. పాస్‌వర్డ్ ఎవరికిని, నాకు సైతము, ఇవ్వవద్దు. తప్పు నాదే. ఇట్లు, జోజి."

పంపాక అసలు అనుమానం పుట్టింది. ఇది కొత్త చిరునామా. పిల్లకు పరిచయం లేనిది. పాత చిరునామా నాన్నది, కొత్తది ఎవడిదో అనుకుంటే? దొంగను నమ్మి తనను దొంగ అనుకుంటే? తానే తండ్రినని రుజువు చేసుకోవడానికి ఒక్క కాగితమైనా లేకపోయిందే అని కుమిలిపోయారు. బ్యాంకువాళ్ళు సంతకం చూసి నమ్మారు. కూతురికి ఏం చూపిస్తారు?

ఐదయింది. ఐదూ పది అయింది. మణిమాల చాయ్ తెప్పించింది. అది బల్ల మీదే చల్లారిపోయింది. ఐదూ ఇరవైకి తెర మీద షీబా పేరు కనబడింది. చదవడానికి ఆయనకు ధైర్యం చాలక, "నువ్వు చదువమ్మా," అన్నారు. మణిమాల చదివింది.

"నాన్నా, కంగారు పడకు. నేనేమీ ఇవ్వలేదు. ఇందాక కూర్చునేసరికి రెండు ఉత్తరాలున్నాయి. పాత చిరునామా నుంచి వచ్చినది ఇంగ్లీషులో ఉంది. మై డియర్ స్వీట్ డాటర్, ఐ లవ్ యూ వెరీ మచ్ అని మొదలుపెట్టాడు. కింద పాస్‌వర్డ్ అడిగాడు. అక్కడిదాకా వెళ్ళకముందే నువ్వు కాదని తెలిసిపోయింది. నువ్వలా ఎప్పుడూ రాయలేదు కదా. రెండోది చూడగానే నువ్వే అనుకున్నాను."

"చూసారా, గట్టి పిల్ల!" అంది మణిమాల. జోజిగారు రెండు చేతులతో మొహం తుడుచుకుని, "దేవుడున్నాడు," అన్నారు. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. కానీ మణిమాల ఇంకా తెర వైపే చూస్తోంది. ఉత్తరం అయిపోలేదు. ఆమె గొంతు కాస్త తగ్గించి చదివింది.

"మా కంప్యూటరు సారు దొంగ ఉత్తరాలు వెంటనే చెరిపేయాలన్నారు. నేనింకా చెరపలేదు నాన్నా. అబద్ధమని తెలుసు. అయినా దాని మీద నీ పేరుంది. ఇంకొక్కసారి చదువుకుని చెరిపేస్తాను. తిట్టకు."

చదివేసి మణిమాల గబగబా లేచి, బల్లలు తుడిచే గుడ్డ కోసం లోపలికి వెళ్ళింది. బల్లలు శుభ్రంగానే ఉన్నాయి.

జోజిగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఏడ్చారు కూడా, దాచడం ఎందుకు? పద్దెనిమిదేళ్ళు ఆ పిల్లకు అన్నీ ఇచ్చానని అనుకున్నారు. ఎక్కడో కూర్చున్న దొంగవెధవ ఒక్క మాట విసిరితే, అది ఎంగిలి మాటని తెలిసీ బిడ్డ దాచుకుంది. అంత ఆకలి మీద ఉంచాడన్నమాట కన్నతండ్రి. విమలకుమారి వారం వారం చెప్పింది అదే కదా.

తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. అరగంట పట్టింది. రాశారు, చెరిపారు, మళ్ళీ రాశారు. చివరికి మిగిలింది రెండు వరసలే.

"ఆ దొంగది చెరిపెయ్యి తల్లీ, ఇప్పుడే. అసలుది ఇదిగో: నువ్వంటే నాకు ప్రాణం."