ఆరు పౌండ్ల దారం

కమ్మింగ్‌లోని తెలుగు చర్చిలో చేపల మాట వస్తే అందరూ సుందర్ రాజ్ వైపు చూసేవారు. అతనికి నలభై ఎనిమిదేళ్లు. వారమంతా ఆల్ఫరెటాలో ఒక కంపెనీ డేటాబేసులు చూసుకుంటూ గడిపి, శనివారం తెల్లవారేసరికి లేనియర్ సరస్సు మీద ఉండేవాడు. అతని గరాజ్‌లో కారుకు చోటు లేదు. పడవ, దాని వెనక గోడకు వరసగా పదకొండు గాలపు రాడ్లు. కొత్తగా సరదా పుట్టినవాళ్ళు షాపుకి వెళ్ళే ముందు అతని గరాజ్‌కి వచ్చి, ఏం కొనాలో అడిగి వెళ్ళేవారు.

ముందు ఏ ఎర వేస్తావో చెప్పు, రాడ్ సంగతి తర్వాత అనేవాడు సుందర్ రాజ్. చెక్కచేపలాంటి క్రాంక్‌బెయిట్‌ని లాగాలంటే నడుం దాకా మెత్తగా వంగే రాడ్ కావాలి, దారం కాస్త సాగే నైలాన్‌ది కావాలి. బాస్ చేప తల విదిలించినప్పుడు గాలం ఊడిరాకుండా ఆ రెండే కాపాడతాయి. నాచు మీద రబ్బరు కప్పని ఆడించాలంటే కర్రలా బిగుసుకుని ఉండే రాడ్, అరవై పౌండ్లు లాగగలిగే అల్లిక దారం; అక్కడ చేపతోపాటు బుట్టెడు గడ్డి కూడా పైకి రావాలి. లోతు నీళ్ళలో చిటికెన వేలంత ఎరని నిలువునా దించి కదపడానికి, అంటే డ్రాప్ షాట్‌కి, సన్నటి స్పిన్నింగ్ రాడ్, ఆరు పౌండ్ల దారం. అతను చెబుతుంటే వినబుద్ధి అయ్యేది.

రెండు వేల తొమ్మిది చివర్లో లెవి అలాగే వచ్చాడు. ఆకివీడు దగ్గరివాడు. న్యూజెర్సీలో ప్రాజెక్ట్ అయిపోయి భార్య అబిగేల్‌తో కమ్మింగ్ వచ్చి రెండు నెలలైంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. లెవి తక్కువ మాట్లాడే మనిషి. ఎవరిదో పాత అల్యూమినియం పడవ కొన్నాడు, ఇక రాడ్లు కొనాలి. గరాజ్‌లో గంటసేపు నిలబడి, ఒక్కో రాడ్‌ని చేతిలోకి తీసుకుని చూసి, చెప్పినదంతా విన్నాడు.

సుందర్ రాజ్ అన్నీ చెప్పాడు, ఒక్కటి తప్ప. సరస్సు అడుగున మునిగి ఉన్న చెట్లలోకి జిగ్‌ని, అంటే సీసం తల ఉన్న బరువైన ఎరని, దించి పెద్ద చేపల్ని లాగడం అతని సొంత పద్ధతి. దానికి గట్టి రాడ్, బొటనవేలితో అదుపు చేసే బెయిట్‌కాస్టర్ రీలు, మందమైన దారం. చర్చి మగవాళ్ళు ఏటా మే నెలలో పెట్టుకునే పోటీలో మూడేళ్లుగా చెక్క షీల్డు అతని ఇంట్లోనే ఉండటానికి కారణం అదే. లెవి ఆ రాడ్ దగ్గర ఆగి ఇది దేనికన్నా అని అడిగితే, అది మన సరస్సుకి పనికిరాదని, ఫ్లోరిడా వెళ్ళినప్పుడు కొన్నదని చెప్పాడు.

"ఇక్కడ వాటర్ అద్దంలా ఉంటుంది లెవీ. లైన్ సిక్స్ పౌండ్స్ దాటిందంటే చేప దగ్గరికి కూడా రాదు. ఒక్క స్పిన్నింగ్ రాడ్ తీసుకో, చాలు."

లెవి తలూపి, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. సుందర్ రాజ్ ఆ మాట అక్కడితో మరిచిపోయాడు.

రెండు వేల పదకొండు మే పోటీలో గెలిచింది లెవి.

తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా సమయం, మనిషికి మూడు చేపలు, ప్రాణంతో తెచ్చి తూచి మళ్ళీ నీళ్ళలో వదలాలి. సుందర్ రాజ్‌వి మూడూ కలిపి తొమ్మిది పౌండ్ల పైచిలుకు తూగాయి. షీల్డు మళ్ళీ తనదేనని అతనూ అనుకున్నాడు, మిగతావాళ్ళూ అనుకున్నారు. అందరికంటే చివర వచ్చిన లెవి సంచి విప్పాడు. పన్నెండున్నర. మూడూ ఒక తల్లి పిల్లల్లా ఒకే సైజు, ఒకే బలుపు. పోటీ నడిపే చర్చి పెద్ద జగన్మోహన్ గారు త్రాసుని రెండోసారి సరిచూసుకున్నారు.

ఎలా పట్టావని అందరూ అడిగారు. లెవి సుందర్ రాజ్ వైపు తిరిగి చెప్పాడు. "డ్రాప్ షాటే అన్నా. సిక్స్ పౌండ్ లైన్. మీరు చెప్పినట్టే."

గురువుకి తగ్గ శిష్యుడని జగన్మోహన్ గారు సుందర్ రాజ్ భుజం తట్టారు. అతను నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే అతని చూపు ఒడ్డుకి కట్టిన లెవి పడవ మీద పడింది. స్పిన్నింగ్ రాడ్ పైన ఉంది. దాని దారం స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వేలాడుతోంది. ఆరు గంటలు నీళ్ళలో నాని, చేపల్ని లాగిన దారం అలా ఉండదు, తిన్నగా సాగిపోతుంది. అది ఆ రోజు నీళ్ళలోకి దిగనే లేదు. దాని కింద, టవల్ సగమే కప్పిన ఇంకో రాడ్ ఉంది. గట్టి రాడ్, బెయిట్‌కాస్టర్, ఆకుపచ్చ అల్లిక దారం. ఆ దారం ఇంకా తడిగా ఉంది. జిగ్ గాలానికి గోధుమరంగు పోగులు రెండు చుట్టుకుని ఉన్నాయి. మిగతావాళ్ళు త్రాసు దగ్గర ఉండగా సుందర్ రాజ్ పడవ దగ్గరికి వెళ్ళి ఒక పోగుని లాగి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. గోనెతాడు పోగు.

సరస్సు అడుగున గోనెతాడు ఎందుకుంటుంది?

ఇంటికి వచ్చే దారంతా ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. వేరే రాష్ట్రాల పోటీల్లో జరిగే మోసాల గురించి అతను విన్నాడు. ముందురోజుల్లో పట్టిన పెద్ద చేపల్ని ఇనుప తీగల బోనులో పెట్టి, తాడు కట్టి, ఎవరికీ కనబడని చోట నీళ్ళలో దించేస్తారు. పోటీ రోజు వెళ్ళి తాడు లాగితే చాలు. మూడు చేపలూ ఒకే సైజులో ఉండటం ఇప్పుడు వింతగా అనిపించలేదు.

భార్య రూతుతో చెప్పాడు. ఆమె కూర కలుపుతూ అంతా విని, తాడు పోగుతో మనిషిని దొంగ చేసేస్తారా అంది. దారం విషయంలో అబద్ధం ఎందుకు ఆడాడో నేరుగా అడగొచ్చు కదా అంది. అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడన్నాడు సుందర్ రాజ్.

ఆ తర్వాత అతనికి అన్నీ కనబడసాగాయి. ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకం పట్టుకున్న లెవి చేతుల మీద గీతలు. అతని ట్రక్కు వెనక రెండు ప్లాస్టిక్ బకెట్లు, ఒక తాడు చుట్ట. ఈ మధ్య గాలం ఎక్కడ వేస్తున్నావని అడిగితే, అక్కడా ఇక్కడా అన్నా అని మాట తప్పించడం. ప్రసంగం నడుస్తుంటే సుందర్ రాజ్ ఆ మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చునేవాడు. చర్చిలో ఇలాంటి ఆలోచనలేమిటని సిగ్గేసేది, అయినా చూపు మళ్ళేది కాదు.

జూన్‌లో అబిగేల్ మాటల మధ్యలో రూతుతో అంది, లెవి గురువారాలు ఆఫీస్‌కి ముందు లేక్‌కి వెళ్ళొస్తున్నాడని. ఆ మాట చెవిన పడగానే సుందర్ రాజ్ వచ్చే గురువారం సెలవు పెట్టాడు. ఆ పొద్దున తన పడవని ఒక రాతిమూల చాటున ఆపి, మోటారు కట్టేసి, బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత లెవి పడవ అవతలి పాయలోకి వచ్చింది. నీటి మీద ఇంకా పొగమంచు తెర ఉంది. లెవి లేచి నిలబడి, పడవ అంచు మీంచి వంగి, రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. బరువుకి పడవ ఒక పక్కకి ఒరిగింది.

సుందర్ రాజ్ గుండె దడదడలాడింది. ఆ దడలో సగం సంతోషమని అతనికి అప్పుడు తెలియలేదు. ఫోన్‌తో ఫోటో తీశాడు. అందులో పడవ, ఒక మనిషి నీడ తప్ప ఏమీ పడలేదు.

ఆ సాయంత్రమే జగన్మోహన్ గారింటికి వెళ్ళి ఫోటో చూపించి అంతా చెప్పాడు. చర్చిలో గొడవలు ఆయనకి పడవు. చివరికి, ఎవరి పేరూ బయటపెట్టకుండా తనే లెవిని అడుగుతానని, శనివారం ముగ్గురూ కలిసి అక్కడికి వెళ్దామని అన్నారు. సుందర్ రాజ్ ఎందుకు వస్తున్నాడంటే, చేపల సంగతి తెలిసినవాడు ఒకరు ఉండాలి కదా అని చెబుతానన్నారు.

శనివారం లెవి పడవలో ముగ్గురూ బయల్దేరారు. లెవి ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. జగన్మోహన్ గారు ఎండ గురించి, మనవరాలి స్కూలు గురించి మాట్లాడి మాట్లాడి ఊరుకున్నారు. పాయలోకి వచ్చాక లెవి మోటారు ఆపి, చేపల జాడ చూపించే తెర ఆన్ చేశాడు. ఇరవై అయిదు అడుగుల లోతున, నున్నటి నేల మీద, ఏదో నిలువుగా లేచి ఉంది. కొమ్మలు కొమ్మలుగా. దాని చుట్టూ చిన్న చిన్న గీతలు గుంపుగా కదులుతున్నాయి.

"వెదురు," అన్నాడు లెవి. "బకెట్‌లో సిమెంట్ పోసి, వెదురు నిలబెట్టి, గోనెతాడుతో బిగించి దించాను. మొత్తం తొమ్మిది. లేక్ ఆఫీస్‌లో పర్మిషన్ అడిగే వేశాను. మా వైపు చేపల చెరువుల్లో దొంగ వలలు పడకుండా తుమ్మకంప వేస్తారు. చేపలన్నీ ఆ కంపలోకే చేరతాయి. ఇక్కడ తుమ్మ దొరకదు కదా."

గురువారం నాడు అతను తాడు లాగలేదు, వదిలాడు. బోను పైకి రాలేదు, వెదురు కిందికి వెళ్ళింది. సుందర్ రాజ్ పడవ బల్ల మీద కూర్చుండిపోయాడు.

లెవి గట్టి రాడ్ తీసుకుని జిగ్ దించాడు. అయిదో నిమిషంలో రాడ్ వంగింది. చేప వెదురులోకి దూరి దారాన్ని చుట్టబెట్టబోయింది. అల్లిక దారం కర్రకి రాసుకుంటున్న కీచుమన్న చప్పుడు రాడ్ గుండా పైకి వినిపించింది. లెవి బొటనవేలితో రీలు బిగబట్టి, వెనక్కి వాలి, దాన్ని కొమ్మల్లోంచి ఊడబెరికినట్టు లాగాడు. ఆరు పౌండ్ల దారమైతే మొదటి గుంజుకే తెగేది. నాలుగు పౌండ్ల చేప. జగన్మోహన్ గారు చిన్నపిల్లాడిలా నవ్వి, మరి దారం గురించి అలా ఎందుకు చెప్పావయ్యా అని అడిగారు. చోటు దాచుకోవడానికే, గట్టి దారమంటే కింద కంప ఉందని తెలిసిపోతుంది అన్నాడు లెవి, చేపని నీళ్ళలోకి వదులుతూ.

ఒడ్డుకి వచ్చాక జగన్మోహన్ గారు తన కారు వైపు వెళ్ళారు. పడవని ట్రెయిలర్ మీదికి ఎక్కిస్తూ లెవి తల ఎత్తకుండా మాట్లాడాడు.

"కంప్లెయింట్ ఇచ్చింది మీరేనని నాకు తెలుసన్నా. ఆ గురువారం రాతిమూల దగ్గర మీ పడవ ముక్కు కనబడింది."

లెవి ట్రెయిలర్ పట్టీని పడవ మీంచి లాగాడు.

"సిక్స్ పౌండ్ లైన్ అని నేను చెప్పింది అబద్ధమే. కానీ అది మీరు నాకు చెప్పిందే. ఆ రోజు మీ గరాజ్‌లో ఫ్లోరిడా రాడ్ అన్నారు చూడండి, దాని మీద లైన్ తడిగా ఉంది."

అతని గొంతులో కోపం లేదు. పట్టీ బిగించి, రాగానే ఫోన్ చేయమంది అబిగేల్ అంటూ ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. సుందర్ రాజ్ ఆ ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. ఇన్ని వారాలుగా లెవి ముఖంలో, చేతుల్లో, మాటల్లో తాను ఇంత సులువుగా మోసాన్ని ఎలా చదవగలిగాడో అతనికి అప్పుడు అర్థమైంది. ఆ చదువు తనదే.

ఎవరికీ చెప్పనని జగన్మోహన్ గారు మాటిచ్చారు. ఇద్దరికి మాత్రం చెప్పారు. జులై వచ్చేసరికి శనివారం పొద్దున ఆ పాయలో నాలుగు పడవలు. ఆగస్టుకి అక్కడ అరచేతి పొడవు చేపలు కూడా పడటం మానేశాయి. లెవి పడవ వాళ్ళ డ్రైవ్‌వేలో టార్పాలిన్ కింద ఉండిపోయింది. సుందర్ రాజ్ చర్చికి వెళ్ళేటప్పుడు ఆ వీధి గుండా వెళ్ళడం మానేశాడు.

రూతుకి అంతా చెప్పాడు, గరాజ్‌లో ఆడిన అబద్ధంతో సహా. ఆమె తిట్టలేదు. ఈ మాట నాతో కాదు, అతనితో చెప్పాలి అంది. ఒకసారి వెళ్ళాడు కూడా. లెవి ఆఫీస్‌లో ఉన్నాడు. అబిగేల్ మర్యాదగా కాఫీ ఇచ్చి, గడియారం చూసింది.

అక్టోబర్‌లో ఒక శనివారం సుందర్ రాజ్ ఆఫీస్‌లో తనతో పనిచేసే ఒకాయన పెరట్లో అడవిలా పెరిగిన వెదురు నరికాడు. రంపం పట్టడం అలవాటు లేక చేతులు బొబ్బలెక్కాయి. పన్నెండు బొంగులు ట్రక్కులో వేసుకుని, సిమెంట్ బస్తా ఒకటి, బకెట్లు ఆరు కొని, లెవి ఇంటి ముందు ఆపాడు.

లెవి బయటికి వచ్చి ట్రక్కు వైపు, అతని చేతుల వైపు చూశాడు. ఇందులో ఏం మతలబుందో అన్నట్టు ఒక బొంగుని అటూ ఇటూ తిప్పి, కణుపుల దగ్గర నొక్కి చూశాడు.

"నీతో అబద్ధం చెప్పాను లెవీ. తర్వాత నువ్వే అబద్ధాలకోరువని జగన్మోహన్ గారి దగ్గరికి వెళ్ళాను," అన్నాడు సుందర్ రాజ్. "ఇవి ఎక్కడ వేసుకుంటావో నాకు చెప్పకు. నేను పడవ ఎక్కను."

సరే, బకెట్లు దింపండి అన్నాడు లెవి. ఇద్దరూ డ్రైవ్‌వేలో కూర్చుని సిమెంట్ కలిపారు. అబిగేల్ ఒకసారి తలుపు తీసి చూసి, మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది. మర్నాడు సిమెంట్ గట్టిపడింది. సోమవారం సెలవు కావడంతో పొద్దున ఇద్దరూ వాటిని సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళి పడవలోకి ఎక్కించారు. లెవి ఒక్కడే కూర్చుని మోటారు తిప్పాడు. రమ్మనలేదు. సుందర్ రాజ్ పడవని నీళ్ళలోకి తోసి, వెనక్కి తిరిగి, తన ట్రక్కు ఎక్కేశాడు.

ఇంట్లో రూతు అడిగింది, ఈసారి ఎటు వెళ్ళాడని. చూడలేదన్నాడు. ఆమె గరిటె పట్టుకుని అతని ముఖంలోకి కాసేపు అనుమానంగా చూసింది.

"నిజమే," అన్నాడు సుందర్ రాజ్. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.