ఝాన్నా కారులో ముందు సీటు

గ్లెబ్ నెలకోసారి గడ్డం గీసుకునేవాడు. మాకు పెళ్ళై పద్నాలుగేళ్ళు కాబట్టి అది నాకోసం కాదని ఖాయంగా చెప్పగలను. ముప్పై రోజులు దాటితే అతను మాంటెనెగ్రోలో ఉండకూడదు. అందుకని ఇరవై ఎనిమిదో రోజున పొద్దున్నే లేచి, స్నానం చేసి, నున్నగా గడ్డం గీసుకుని, రష్యాలో మా ఊరు పెర్మ్ నుంచి తెచ్చుకున్న నీలం చొక్కా తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళేవాడు. కింద రోడ్డు మీద ఝాన్నా ఎర్ర కారు రెండుసార్లు హారన్ కొట్టేది. కొండ మీది సరిహద్దు దాటి బోస్నియాలోకి వెళ్ళడం, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టించుకోవడం, వెనక్కి రావడం. మళ్ళీ ముప్పై రోజులు. మా వాళ్ళు దీన్ని వీసా రన్ అంటారు. అందులో పరుగేమీ లేదు, క్యూలో నిలబడటమే.

నాకా బాధ లేదు. నేను పనిచేసే కంపెనీ వచ్చీ రాగానే నాకు నివాసపు కార్డు తీసిచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఫోన్లలో వాడే యాప్‌లు ఎక్కడెక్కడ చెడిపోతున్నాయో వెతికి రాసిపెట్టడం నా పని. గ్లెబ్ పెర్మ్‌లో ట్రాముల డిపోలో మోటార్లు బాగుచేసే మేస్త్రీ. అతను చప్పుడు విన్నాడంటే ఏ మోటారుకి ఏం రోగమో చెప్పేస్తాడని పేరు. మేం వచ్చి పడ్డ హెర్సెగ్ నోవిలో ట్రాములు లేవు. ఊరంతా మెట్లే. అతను ఇంట్లో వంట చేసేవాడు, బట్టలు ఆరేసేవాడు, కిటికీ దగ్గర కూర్చుని సముద్రంలో పడవల్ని చూసేవాడు. ఏమైనా మాట్లాడిస్తే “ఊఁ” అనేవాడు.

ఆ ఒక్కరోజు మాత్రం నోరు విప్పేవాడు. సాయంత్రం ఏడింటికి చీజ్ పొట్లం పట్టుకుని వచ్చి, బూట్లు విప్పుతూనే మొదలుపెట్టేవాడు. ఝాన్నా ఇలా అంది, ఝాన్నా అలా నవ్వింది, ఝాన్నా వెనక్కి తిప్పబోయి పోలీసువాడి బండిని గుద్దబోయింది. రెండు రోజులు ఆ కబుర్లు నడిచేవి. మూడో రోజు నుంచి మళ్ళీ “ఊఁ”.

ఝాన్నా అంటే పక్కనున్న ఇగాలోలో ఇంటి దగ్గరే జుట్టు కత్తిరించే ఆవిడ. ఆవిడదీ రష్యానే, ఆస్త్రాఖాన్ మనిషి. నలభై దాటాయి, విడాకులయ్యాయి. ఆవిడకీ కార్డు లేదు కాబట్టి నెలనెలా వెళ్ళాలి, ఎలాగూ వెళ్తున్నాను కదా అని పెట్రోలు ఖర్చు పంచుకునే వాళ్ళని ఎక్కించుకునేది. గ్లెబ్ ఏడాదిన్నరగా ఆ కారులోనే వెళ్తున్నాడు.

నేను లెక్కలు కట్టాను. సరిహద్దుకి ముప్పావు గంట. క్యూకి గంట వేసుకుందాం. అవతల ట్రెబిన్యే ఊళ్ళో కాఫీ తాగడానికి ఇంకో గంట. భోజనాల వేళకి ఇంట్లో ఉండాలి. మరి సాయంత్రం ఏడేమిటి? అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను చూశాను. “రేపు ఎనిమిదికి”, “సరే”, అంతే. ఒకసారి ఆ నీలం చొక్కా వాసన కూడా చూశాను. పొగబెట్టిన మాంసం వాసన వచ్చింది. సెంటు వాసన వచ్చుంటే తేలిగ్గా ఉండేది, ఏడ్చి ఊరుకునేదాన్ని.

సెప్టెంబరులో ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున అతను అద్దం ముందుండగా వెళ్ళి నిలబడ్డాను.

“ఇవాళ నేనూ వస్తున్నా.”

రేజరు చెంప మీదే ఆగిపోయింది. “ఎక్కడికి?”

“ట్రెబిన్యేకి.”

“నీకెందుకు? నీకు కార్డుందిగా.”

“చీజ్ కొనుక్కుంటా.”

“నేను తెస్తూనే ఉన్నాగా.”

“నువ్వు తెచ్చేదాంట్లో ఉప్పెక్కువ.”

మళ్ళీ రేజరు ఆడించాడు. గడ్డం కింద చిన్నగా తెగింది, కాగితం ముక్క అంటించుకున్నాడు.

కారు దగ్గరికి వెళ్ళేసరికి గ్లెబ్ చెయ్యి అలవాటుగా ముందు తలుపు మీదికి పోయింది. ఝాన్నా కారు కిటికీలోంచి తల బయటపెట్టి, “అయ్యో, వార్యా! ఎన్నాళ్ళకి! గ్లెబ్, నువ్వు వెనక్కి పో. ఆవిడ ముందు కూర్చుంటుంది,” అంది. నేను ఎక్కాను. ఆ సీటు అతని పొడుగు కాళ్ళకి సరిపడా చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. నా కాళ్ళు గాల్లో ఉన్నట్టున్నాయి. సీటు ముందుకి జరుపుకోవడం చేతనయినా జరుపుకోలేదు. ఆ ఖాళీని కొలుస్తూ కూర్చున్నాను.

వెనక సీట్లో ఆర్కాదీ పావ్లొవిచ్ అనే పెద్దాయన ఉన్నాడు. తూలా అనే ఊళ్ళో భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యాడట. కారు కొండెక్కడం మొదలుపెట్టగానే ఆయన గొంతు సవరించుకున్నాడు.

“డాక్టరు గారూ, ఇవాళ రోగి ఎలా ఉందంటారు?”

గ్లెబ్ కళ్ళు మూసుకుని కారు చప్పుడు విన్నాడు. ఝాన్నా కారులో పాట ఆపేసింది.

“వెనక ఎడమ చక్రం బేరింగు. ఇంకో నెల లాక్కొస్తుంది.”

“పోయిన నెలా ఇదే కూశావు కదయ్యా!” అంది ఝాన్నా.

“పోయిన నెల కుడిది. ఇది కొత్త జబ్బు. నువ్వు గుంతల్ని వెతికి వెతికి తొక్కుతుంటే నేనేం చెయ్యను?”

“గుంతలే నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయి, నాయనా.”

ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను. నా మొగుడిని డాక్టరంటారని నాకెవరూ చెప్పలేదు. డ్రైవరు ముందుండే అద్దంలో చూశాను. పెర్మ్‌లో నేను పెళ్ళి చేసుకున్న మనిషి వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ.

సరిహద్దు దగ్గర మీసాల పోలీసు పాస్‌పోర్టులు తీసుకుని, వంగి లోపలికి చూసి, అక్కడి భాష సెర్బియన్‌లో ఏదో అడిగాడు. గ్లెబ్ తడుముకోకుండా జవాబిచ్చాడు. ఒక మాట కాదు, గుక్క తిప్పుకోకుండా నాలుగైదు వాక్యాలు. పోలీసు నన్ను చూసి మీసాల్లోంచి నవ్వి, ముద్రలు కొట్టి పంపేశాడు.

ఇంటి కింద బేకరీలో రొట్టె కావాలంటే ఈ మనిషి నా వెనక నిలబడి, “నువ్వడుగు, నాకు రాదు” అంటాడు. రెండు కావాలంటే రెండు వేళ్ళు చూపిస్తాడు. ఏడాదిన్నరగా ఇద్దరి బదులూ నేనే మాట్లాడుతున్నాను, అదీ తప్పుల తడకగా.

“ఏమన్నావు అతనితో?” వెనక్కి తిరక్కుండా అడిగాను.

“కొత్త మనిషి ఎవరన్నాడు. మా ఆవిడ, నా మీద కాపలాకి వచ్చిందన్నా.”

ఝాన్నా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి.

ట్రెబిన్యేలో ఆ రోజు సంత. చినారు చెట్ల కింద బల్లలు వేసి తేనె, అత్తిపళ్ళు, పొగబెట్టిన మాంసం, చీజ్ అమ్ముతున్నారు. అడుగడుగునా ఎవరో ఒకరు గ్లెబ్‌ని పలకరించడమే. చీజ్ అమ్మే ఆవిడ అతని చేతిలో అడక్కుండానే ఓ ముక్క పెట్టింది. అక్కడ రోజూ కూర్చునే వాడిలా దాన్ని నోట్లో వేసుకుని, తల పంకించి, ఆవిడ తూకం యంత్రం చూపించి, ఎలా పనిచేస్తోందన్నట్టు ఏదో అడిగాడు. ఆవిడ బ్రహ్మాండంగా ఉందన్నట్టు చెయ్యి ఊపింది. నేను పక్కనే ఉన్నాను. అతను నాకో ముక్క ఇప్పించాడు. ఉప్పు సరిపోయింది.

కాఫీ హోటల్ నడిపే దెసా అనే ముసలావిడ గ్లెబ్‌ని చూడగానే గుమ్మంలోకి వచ్చి, కాఫీ గింజల మర మూలుగుతోందని మొర పెట్టుకుంది. అతను చొక్కా చేతులు మడుచుకుని లోపలికి పోయాడు. ఆర్కాదీ పావ్లొవిచ్ పత్రిక కొనడానికి వెళ్ళాడు. బయట బల్ల దగ్గర ఝాన్నా, నేను మిగిలాం.

ఆవిడని తీరిగ్గా చూశాను. అందగత్తె కాదు. చేతులు జుట్టుకేసే రంగులతో పాడైపోయి ఉన్నాయి. నా కప్పులో చక్కెర తనే వేసింది.

“వార్యా, నేనోటి అడుగుతా, ఏమీ అనుకోకు. మీ కంపెనీ వాళ్ళది అంత రాతిగుండేమిటి?”

“ఏం?”

“ఏడాదిగా ఈయన కాగితాలు ముందుకి పంపట్లేదట కదా! పెళ్ళానికి కార్డుంటే మొగుడికివ్వడానికి వాళ్ళ సొమ్మేం పోయింది? మీరిద్దరూ పట్టుబట్టి అడగండి. మనిషి పైకి నవ్వుతాడు గానీ లోపల ఎంత కుమిలిపోతున్నాడో.”

కప్పు బల్ల మీద పెట్టాను. మా కంపెనీ కాగితాల జాబితా ఇచ్చి పద్నాలుగు నెలలయింది. పెళ్ళి సర్టిఫికెట్టు, దానికి తర్జుమా, ఇంటి ఒప్పందం, అన్నీ నేనే చేయించి ఫైల్లో పెట్టాను. అతను తెప్పించాల్సింది ఒక్కటే. తన మీద నేరాలేమీ లేవని మా పోలీసులిచ్చే కాగితం. అడిగినప్పుడల్లా “పెర్మ్ నుంచి ఇంకా రాలేదు” అనేవాడు.

“అవును,” అన్నాను ఝాన్నాతో. “రాతిగుండెలే.”

నా మొగుడు అబద్ధాలకోరని ఆవిడ ముందు ఒప్పుకోవడం కంటే మా కంపెనీ వాళ్ళని రాక్షసుల్ని చెయ్యడమే తేలికనిపించింది. ఝాన్నా నా చెయ్యి నిమిరింది. నిజంగానే జాలిపడుతోంది. ఆవిడకేమీ తెలియదు. అప్పుడు నాకు ఆవిడ మీద కోపం పోయింది, పోయినందుకు దిక్కు తోచలేదు. ఇన్నాళ్ళు ఎవరి మీద కసి పెట్టుకుని ఏడ్చానో ఆ మనిషి కాస్తా చేజారిపోయింది. లోపల మర గర్రుమని తిరగడం మొదలైంది. దెసా చప్పట్లు కొట్టింది. గ్లెబ్ నవ్వు వినిపించింది.

ఏడు కావస్తుండగా ఝాన్నా మమ్మల్ని కింద రోడ్డు మీద దింపింది. ఇంటికి నూట నాలుగు మెట్లు. సగం దాకా ఎక్కి, నిమ్మచెట్టున్న మలుపులో ఆగాను.

“పోలీసు కాగితం ఎక్కడుంది?”

అతను చీజ్ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “చలికాలం బూట్ల పెట్టెలో.”

“ఎప్పుడొచ్చింది?”

“పోయినేడు నవంబరులో.”

“ఆర్నెల్లు దాటితే అది చెల్లదని తెలుసు కదా నీకు?”

“తెలుసు.”

“ఝాన్నా కోసమా?”

“ఛ! ఝాన్నా ఏంటి!” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “కార్డొస్తే ఇంక వెళ్ళడానికి సాకేముంటుంది, వార్యా? ఊరికే ఓ రోజంతా పోయి తిరిగొస్తానంటే నీకేం చెప్పను? నువ్వు ఇక్కడ కళ్ళు పోయేలా పనిచేస్తుంటే, నేను కాఫీ తాగడానికి బోస్నియా వెళ్తున్నానని చెప్పనా?”

“చెప్పచ్చుగా.”

“ఝాన్నా నన్ను బేరింగు చూడమంటుంది. దెసా మర చూడమంటుంది. ఆ పోలీసు కూడా తన బండి సంగతి అడుగుతాడు. నువ్వు నన్ను ఏదీ అడగవు. మన ఇంట్లో కుళాయి కారితే ఫోన్ చేసి మనిషిని పిలిపించావు.”

“నీకు శ్రమ అని!”

“అదే. నాకు శ్రమ అని.”

పై మెట్ల మీంచి పక్కింటావిడ దిగి వచ్చింది. ఇద్దరం గోడకి ఒదిగి దారిచ్చాం. గ్లెబ్ ఆవిడకి సెర్బియన్‌లో నమస్కారం చెప్పాడు. ఆవిడ నోరు తెరిచి, మూగవాడికి మాటొచ్చినట్టు చూసి వెళ్ళింది.

“బేకరీలో వేళ్ళు చూపించేవాడివి,” అన్నాను. ఏడుపు ఆగలేదు. “వాళ్ళందరికీ ఇన్ని మాటలు! నాకు ఊఁ, ఊఁ! నువ్వు ఎవత్తెనో తగులుకున్నా ఇంత కుళ్ళుకునేదాన్ని కాదు. దాని జుట్టు పట్టుకునేదాన్ని. ఓ ఊరినీ, ఓ సంతనీ, ఆ మీసాలవాణ్ణీ నేనేం చెయ్యను?”

“నీకు కుళ్ళా?” అన్నాడు.

“అవును, కుళ్ళే! ఏడాదిన్నరగా.”

“నా కోసమా?”

సంతోషం దాచుకోవడం ఆ మనిషికి చేతకాదు, చెవులు ఎర్రబడిపోయాయి. దానికి నాకు ఇంకా ఒళ్ళు మండింది. సంచి లాక్కుని మిగతా మెట్లు నేనే ముందు ఎక్కేశాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు అతను పోలీసు కాగితానికి మళ్ళీ దరఖాస్తు పెట్టి, రసీదు నా ముందు పెట్టాడు. నేను స్నానాల గదిలో కుళాయి మళ్ళీ కారుతోందని చెప్పాను. నిజానికి అంతగా కారడం లేదు.

కాగితం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అతను ఝాన్నా కారులోనే వెళ్ళొచ్చాడు. దెసా మరిదికి ఇక్కడే, జెలెనికాలో, పడవల మోటార్లు బాగుచేసే షెడ్డుంది. గ్లెబ్‌ని పనిలోకి తీసుకోమని ఆవిడే అతనికి ఫోన్ చేసి చెప్పింది. జనవరి నుంచి గ్లెబ్ అక్కడికి వెళ్తున్నాడు. బేకరీకీ అతనే వెళ్తాడు. నేను వాకిట్లో నిలబడితే, లోపల రొట్టెలమ్మే అమ్మాయి నవ్వడం వినిపిస్తుంది.

ఫిబ్రవరి మూడో వారంలో కార్డు చేతికొచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పర్సులో పెట్టుకుని, చాలా బాగుందన్నాడు. ఆ శనివారం ఝాన్నా వెళ్ళే రోజని ఇద్దరికీ తెలుసు. అతను ఆ మాటే ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, ఝాన్నాకి ఫోన్ చేశాను.

“రేపు నీ కారులో సీటుందా?”

“నీకు లేకేం! ఇద్దరికా?”

ఇద్దరికీ అనే మాట నోటిదాకా వచ్చింది. “ఒక్కరికే. గ్లెబ్‌కి,” అన్నాను.

ఆ శనివారం ఇల్లంతా కడిగాను. పొయ్యి లోపల తల పెట్టి తోమాను. పదింటికి సరిహద్దు దాటి ఉంటారనుకున్నాను, పదకొండింటికి దెసా దగ్గర కాఫీ. ఝాన్నా పక్కన ముందు సీట్లో కాళ్ళు బారచాపుకుని ఉంటాడని తలుచుకుని గిన్నెలు గట్టిగా పడేశాను. నేనే పంపి నేనే ఏడ్చుకోవడమేమిటని నన్ను నేను తిట్టుకున్నాను కూడా. అయినా తగ్గలేదు.

ఏడింటికి వచ్చాడు. బూట్లు విప్పుతూనే మొదలుపెట్టాడు. ఆర్కాదీ పావ్లొవిచ్ పళ్ళసెట్టు కాఫీలో పడిందట. మీసాల పోలీసుని నదివైపు చౌకీకి బదిలీ చేశారట, కొత్తవాడు నవ్వడట. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. లోపల ఇంకా మండుతూనే ఉంది. ఒక కుర్చీ కాలితో అతని వైపు తోసి, “ఊఁ, తర్వాత?” అన్నాను.