కింది కొస

పద్నాలుగో పలక పైకొస వేళ్లకు వెచ్చగా తగిలేసరికి చిక్కవెంకటప్ప మనసులో ఏడు దాకా లెక్కపెట్టాడు. పది లోపల వేడెక్కితే పాసైనట్టే. పలకను నీళ్లలోంచి తీసి, గుడ్డతో తుడిచి, మూలన ముద్ర కొట్టి, పక్కనున్న ట్రేలో పెట్టాడు. పదిహేనోది అందుకోబోతూ తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. మళ్లీ తొట్టి వైపు తిరిగాడు.

తమక అనే ఊళ్లో ఆ షెడ్డు చిన్నదే, ముప్పైమంది పనిచేస్తారు. కంప్యూటర్లో ఆటలాడేవాళ్లు కొనే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులకు వేడి తగ్గించే సామాను అక్కడ తయారవుతుంది. ఆట నడుస్తున్నంతసేపూ కార్డు మీది చిప్ పెనంలా కాగుతుంది. దానికి ఆనించి జానెడు పొడవున రాగి పలక ఒకటి బిగిస్తారు. చూడటానికి మందపాటి రేకులా ఉంటుంది గాని లోపలంతా బోలు. గాలి లాగేసి, గోడలకు రాగిపొడి పూత పెట్టి, కొన్ని చుక్కల నీళ్లు పోసి మూసేస్తారు. చిప్ దగ్గర ఆ నీళ్లు ఆవిరై అవతలి కొసకు పోయి, అక్కడ చల్లబడి, పూత వెంబడి మళ్లీ వెనక్కి పాకుతాయి. పలక మీద పలచటి రేకులు, వాటి మీద మూడు ఫ్యాన్లు. లోపల నీళ్లు సరిగా తిరుగుతున్నాయో లేదో చూడటమే చిక్కవెంకటప్ప పని. ఒక కొసను వేడినీళ్ల తొట్టిలో ముంచి, రెండో కొసను వేళ్లతో పట్టి చూస్తాడు.

ఆ పని అతనికి ఇచ్చింది అతని వేళ్లను చూసే. యాభై ఏడేళ్ల మనిషి, పొట్టి, బక్కపలచన. మోచేతుల కింద వెంట్రుక లేదు. వేళ్ల చివర్లు నానిన శనగల్లా ముడతలు పడి తెల్లగా ఉంటాయి. సుగటూరులో రెండెకరాల మల్బరీ ఉండేది. బోరు ఎండిపోయాక, శిడ్లఘట్టలో పట్టుదారం తీసే షెడ్డులో ఇరవై రెండేళ్లు కాగే నీళ్లలో చేతులు పెట్టి గూళ్ల పోగులు వెతికాడు. ఆ షెడ్డు మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. వేడి ఒక్క పిసరు అటూ ఇటూ అయినా అతని వేళ్లకు తెలిసిపోతుంది. ఊళ్లో మాత్రం ఎవరైనా ఏం పని అని అడిగితే అతని భార్య సొన్నమ్మ నవ్వుతూ, "మా ఆయప్ప రేకులకు జొరం చూస్తాడు" అంటుంది.

ఈ ఆరు రోజులుగా అతనికి ఊరట లేదు. సంగటి ముద్ద గొంతు దిగటం లేదు. పడుకుంటే లేచి కూర్చుంటాడు, కూర్చుంటే లేచి ఆవు దగ్గరికి పోతాడు. పొద్దున సొన్నమ్మ ముద్ద గిన్నెలో అట్లాగే ఉండటం చూసి, "ఏమైందో చెప్పకుంటే నాకెట్ల తెలిసేది?" అంది. "ఏమీలే" అని బస్సుకు వచ్చేశాడు.

అయిందేమంటే, పోయిన గురువారం కరెంటు పోయి తొట్టి చల్లారింది. వచ్చాక మళ్లీ కాగడానికి గంట పడుతుంది. ఊరికే నిలబడటం చేతగాక, పక్క బల్ల మీది, కరెంటుతో కాగే దిమ్మెను స్టాండుకు తగిలించి, దానికి పలకను బిగించి చూశాడు. స్టాండు ఎత్తుగా ఉండటం వల్ల వేడి పైకొసకు తగిలింది, చల్లటి కొస కిందికి వచ్చింది. పది లెక్కపెట్టాడు. ఇరవై, యాభై. కింది కొస చల్లగానే ఉంది. ఇంకొకటి బిగించాడు. ఇరవై పలకల్లో పదకొండు అంతే. తొట్టిలో అయితే ఆ పదకొండూ పాసయినవే. వేడి కింద ఉంటే ఆవిరి తనంతట పైకి పోతుంది, నీళ్లు తమంతట కిందికి జారతాయి. అట్లాంటప్పుడు చచ్చు పలక కూడా బతికినట్టే కనిపిస్తుంది. నాలుగు నెలల్లో తన ముద్రతో పోయినవి ఆరువేలు.

సూపర్‌వైజర్ శశికుమార్‌కు చెబితే, "పేపర్లో ఎట్ల రాసుండాదో అట్ల చెయ్యి చిక్కప్పా. తక్కినవి మనకేల?" అన్నాడు.

ఈరోజు నాలుగింటికి లారీ వస్తుంది. నాలుగు వందల పలకలు పోవాలి.

పదకొండింటికి అంబరీష్ వచ్చాడు. పలకను డిజైన్ చేసిన కుర్ర ఇంజనీరు. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో. అతనితోపాటు యజమాని శ్రీకంఠయ్య కూడా లోపలికి వచ్చాడు. నగల కొట్టు నడిపిన ఇంటివాడు, పలకను కూడా నగలాగే రెండు వేళ్లతో పట్టి వెలుతురుకు తిప్పి చూస్తాడు. అంబరీష్ మొహం పీక్కుపోయి ఉంది. బల్ల మీద అద్దాల పెట్టెలాంటి కంప్యూటర్ పెట్టి, అందులో ఇక్కడి పలక ఉన్న కార్డును నిలువుగా బిగించాడు.

"కార్డు అందంగా కనపడాలని కొంతమంది ఇట్ల నిలబెట్టుకుంటారు. వాళ్ల దగ్గర్నుంచే కంప్లయింట్లు. పడుకోబెడితే ఏమీ లేదు, నిలబెడితే మసిలిపోతా ఉండాది. మూడు వారాలైంది, కారణం దొరకలేదు సార్" అన్నాడు శ్రీకంఠయ్యతో.

ఆట నడిపించాడు. తెర మీద ఒక ఊరు, రాళ్లు పరిచిన వీధి, వాన. చిక్కవెంకటప్ప తొట్టి వదిలి దగ్గరికి వచ్చాడు. తను చేసేది దేనికి పనికొస్తుందో అతను ఎప్పుడూ చూడలేదు. వాన రాళ్ల మీద చిట్లుతోంది. గుంటల్లో దీపాలు వణుకుతున్నాయి. ఒక్కో చుక్కా విడివిడిగా పడుతోంది.

"ఆ వాన ఈ కార్డే కురిపిస్తాదా సార్?"

"అవునప్పా. ఒక్కో చుక్కకూ లెక్క కట్టాల. అందుకే అంత వేడి."

ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మూలన అంకె తొంభై దాటింది. వాన తెగి తెగి కురిసి, చటుక్కున ఆగిపోయింది. తెర నల్లబడింది. అంబరీష్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

చిక్కవెంకటప్ప తన బల్ల దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. శశికుమార్ అతని వైపే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. అతను ఆ చూపు తప్పించుకొని ట్రేలోంచి ఒక పలక తెచ్చాడు.

"సార్, ఇది నేను పాస్ చేసిందే. ఒక్కసారి పైనుంచి వేడి పెట్టి చూడండి."

"పైనుంచి ఏమిటికి?" అన్నాడు శ్రీకంఠయ్య.

చిక్కవెంకటప్ప స్టాండును దగ్గరికి లాక్కున్నాడు. దిమ్మెకు పలక బిగించి, అంబరీష్ చెయ్యి పట్టుకొని కింది కొస మీద పెట్టాడు. ఇంజనీరు చెయ్యి ముట్టుకోవడం మర్యాదో కాదో ఆ క్షణంలో తట్టలేదు. ఇద్దరూ నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది.

"చల్లగా ఉండాది" అన్నాడు అంబరీష్ మెల్లగా. స్టాండు మీది పలకనూ, పెట్టెలోని కార్డునూ మార్చి మార్చి చూశాడు. "నిలబెట్టినప్పుడు చిప్ పైకి పోతాది. నీళ్లు ఎక్కలేవు... పలక పలచనగా రావాలని నీళ్లు తగ్గించింది నేనే. తొట్టి పరీక్ష రాసిచ్చింది కూడా నేనే."

శ్రీకంఠయ్య చిక్కవెంకటప్ప వైపు తిరిగాడు. "నీకెన్ని దినాల నుంచి తెలుసు?"

"ఆరు దినాలు సావుకారూ."

"ఏమిటికి చెప్పలేదు?"

శశికుమార్ నేల చూస్తున్నాడు.

"నోరు రాలేదు" అన్నాడు చిక్కవెంకటప్ప.

శ్రీకంఠయ్య ఫోను తీసి బయటికి పోయాడు. లారీ వద్దని చెప్పడం గోడ అవతల నుంచి అందరికీ వినిపించింది. ఒంటిగంటకు చిక్కవెంకటప్ప క్యారియరు విప్పి ముద్ద మొత్తం తిన్నాడు. మజ్జిగ కూడా తాగాడు.

మధ్యాహ్నమంతా అంబరీష్, అతను, ఇద్దరే బల్ల దగ్గర. కొత్త పలకల్లో కొంచెం కొంచెంగా నీళ్లు పెంచి, మూసి, పైనుంచి వేడి పెట్టి చూశారు. మొదటిదానికి కింది కొస చల్లగానే ఉంది. రెండోది చాలాసేపటికి గోరువెచ్చనయింది. అంబరీష్ థర్మామీటరు చూసేలోపే చిక్కవెంకటప్ప, "ఇంగా కొంచెం చాల్లేదు సార్" అనేవాడు. అంకె కూడా అదే చెప్పేది. నాలుగోసారికి అంబరీష్ థర్మామీటరు పక్కన పెట్టేసి అతని మొహమే చూడసాగాడు.

"చేతులు కాలవా వెంకటప్పా?"

"ముందు కాల్తా ఉండె. ఇప్పుడు అవే చెప్తాయి, నేను వింటా" అన్నాడు. ట్రే వైపు చూసి, "ఆ ఆరువేలు?" అని అడిగాడు.

"వెనక్కి తెప్పించాల. దానికి జవాబు నేను చెప్పుకొంటా."

"ముద్ర నాది గదా సార్."

ఐదు కావస్తుండగా చిక్కవెంకటప్ప ఏడో పలక బిగించాడు. బయట పనివాళ్లను ఇళ్లకు తీసుకుపోయే వ్యాను వచ్చి ఆగింది. అతనికి మెడ వెనక చెమట పట్టింది. ఎడమ చెయ్యి బరువుగా ఉంది. పొద్దుటినుంచి నిలబడినందుకేమో అనుకున్నాడు.

"ఇది పది నిమిషాలు వేడి పట్టనీ సార్. మొహం కడుక్కొని వస్తా."

షెడ్డు వెనక కొళాయి దగ్గర కానుగ చెట్టు నీడ పొడుగ్గా సాగింది. మొహం మీద చన్నీళ్లు చల్లుకున్నాడు. మెడ తడుపుకున్నాడు. ఆరు రోజులుగా గుండెలో తిరుగుతున్నదేదో ఇప్పుడు లేదు. కొళాయి కట్టేసి, చెట్టు మొదట్లో కూర్చొని, వీపు ఆనించాడు. అవతల టమాటా తోటకు ఎవరో నీళ్లు కడుతున్నారు. కాలువలో నీళ్లు మడి మలుపు తిరగడం కనిపించింది. ఇంటికి పోయాక సొన్నమ్మకు ఆ తెర మీది వాన సంగతి చెప్పాలనుకున్నాడు. ఎట్ల మొదలుపెట్టాలో ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నాడు.

డ్రైవరు నందీశ్ మూడుసార్లు హారన్ కొట్టి, దిగి వెతుక్కుంటూ వచ్చాడు. నిద్రపోతున్నాడనుకొని ముందు భుజం తట్టాడు. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఊపిరి లేదు. షెడ్డు వైపు తిరిగి కేకేశాడు. షెడ్డులో అందరూ బయటికి పరుగెత్తారు.

లోపల దిమ్మె స్విచ్ ఎవరూ తీయలేదు. స్టాండుకు బిగించిన ఏడో రాగి పలక, ముద్ర లేకుండా, పైనుంచి కింది కొస దాకా సమంగా వేడెక్కి ఉంది.