పాసైన అట్ట

నేను ఒక పరీక్ష అట్టని. అదే, కాయితం జారకుండా నెత్తిన ఇనప క్లిప్పు పెట్టుకుని, పిల్లల ఒళ్లో కూర్చుని వాళ్ల చెమటంతా పీల్చుకునే జాతి. విజయవాడలో ఒక ఇరుకు షెడ్డులో నన్ను చెక్కలోంచి కోసి, ముందువైపు రాకెట్టు బొమ్మ, వెనకవైపు ఎక్కాలు అచ్చేశారు. పదమూడో ఎక్కంలో తప్పు పడింది. ఇప్పటిదాకా ఒక్కరూ పట్టుకోలేదు. ఎక్కాలున్నాయని అట్ట కొంటారు గానీ ఎక్కాలు చదివేవాళ్లెవరు?

తణుకులో ఒక ఫ్యాన్సీ షాపులో వేలాడుతుంటే కిరీటి అనే పదో తరగతి కుర్రాడు నన్ను కొన్నాడు. వాళ్లమ్మ సుభాషిణి నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. దణ్ణం పెట్టుకుని బయటికొచ్చిన కిరీటి నా క్లిప్పు కింద చిట్టీలు దోపాడు. ఫస్టు క్లాసొచ్చింది. ఆ ఘనత దేవుడికి సగం, నాకు సగం పంచారు. చిట్టీలకి పాపం ఏమీ మిగల్లేదు.

అప్పట్నించీ వీధిలో నా పేరు 'పాసైన అట్ట'. ఎవరికి ఏ పరీక్షున్నా నన్ను అరువడిగేవాళ్లు. ఒకాయన నన్ను పట్టుకెళ్లి పోలీసు పరీక్ష రాసి తప్పాడు. గుమ్మంలో పిల్లి ఎదురొచ్చిందన్నారు, మొలతాడు మార్చుకోలేదన్నారు, చదవలేదని మాత్రం ఎవరూ అనలేదు. నా పరువు అలాగే నిలబడింది.

ఒకరోజు పక్క వాటాలో ఉండే సత్యవేణి వచ్చింది. ట్రాలీ ఆటో నడిపే వీర్రాజు భార్య. ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్లమ్మ మంచాన పడితే వంటింట్లోకి వెళ్లింది, మళ్లీ బడి మొహం చూడలేదు. గేటు చప్పుడైతే చాలు, కూతురి బళ్లోంచి ఏదో కబురొచ్చిందని గుండెలు బాదుకునే మనిషి.

"అక్కా, నీ అట్ట ఒక్కసారి ఇస్తావా?"

"దేనికే? మీ మోక్షితకా?"

"దానిదైపోయిందక్కా, బాగానే రాసింది. ఇప్పుడు నాకే."

"నీకు పరీక్షేంటే ఈ వయసులో?"

"దాన్ని కొత్తగా చేర్చే కాన్వెంటోళ్లు తల్లులకీ పెడతన్నారక్కా. మూడో తరగతి ఇంగ్లీషంట. తల్లి పాసైతేనే పిల్లకి సీటంట. ఇంట్లో హోంవర్కు చేయించేది మేమేగా అని."

"మరి తండ్రులకో?"

"తండ్రులు బండిమీద దింపితే చాలంట."

సుభాషిణి నన్ను కళ్లకద్దుకుని మరీ ఇచ్చింది. క్లిప్పు కింద ఏమీ లేదని చెప్పడానికి నాకు నోరా, పాడా!

ఆ సాయంత్రం నించి ఆ ఇంట్లో బడి మొదలైంది. టీచరు మోక్షిత. రెండో తరగతి అప్పుడే అయ్యింది, ముందుపళ్లు రెండూ లేవు. విద్యార్థిని వాళ్లమ్మ. ప్రశ్న గుర్తు పెట్టమంటే సత్యవేణి కొడవలి గీసి కింద చుక్క పెట్టడం మర్చిపోయేది. కామాలైతే తాలింపులో ఆవాలు వేసినట్టు చిటికెడు తీసి చల్లేసేది. పేర్లకి పెద్దక్షరాలు పెట్టాలని తెలిశాక, భయానికి అన్నిటికీ పెద్దక్షరాలే పెట్టింది. తప్పు రాసినప్పుడల్లా టీచరమ్మ, "చెయ్యి పట్టు!" అనేది. సత్యవేణి అరచెయ్యి చాపేది. బెత్తం పని నాది. గట్టిగా తగిలేదాన్ని కాదు, చప్పుడే ఎక్కువ.

అత్తగారు అప్పాయమ్మ గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తూ, "ఇంకోటెయ్యవే మనవరాలా, నా తరఫున," అనేది.

"అత్తయ్యా, మీరు నవ్వకండి. రేపు నేను తప్పితే దాని బతుకేమవుద్ది?"

"నేనేం చదివానని నీ మొగుడు ఆటో తోలట్లేదా?"

"అందుకే కదా నా భయం," అంది సత్యవేణి. అప్పాయమ్మ ఆ రోజంతా కోడలితో మాట్లాడలేదు.

పరీక్షనాడు తల్లులందర్నీ పిల్లల బెంచీల్లో కూర్చోబెట్టారు. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు పక్కకి తిరిగి, బస్సులో కూర్చున్నట్టు కూర్చున్నారు. కిటికీల దగ్గర పిల్లలు గుంపుగా చేరి, "అమ్మా, రాయవే!" అని అరుస్తుంటే ఆయా వచ్చి తరిమింది. సత్యవేణి పక్కన, చేతికి స్మార్ట్ వాచీ పెట్టుకున్నావిడ ఇటు తొంగిచూసి, తను రాసింది కొట్టేసి, సత్యవేణి రాసినట్టే రాసుకుంది. ఆవిడ ఖర్మ.

సత్యవేణి వేళ్లు నా మీద చల్లగా తగులుతున్నాయి. ఇంట్లో వచ్చినవన్నీ ఆ గదిలో పారిపోయాయి. మాటిమాటికీ నా క్లిప్పు ఎత్తి చూసుకుంది, అదృష్టం అక్కడెక్కడైనా ఇరుక్కుందేమోనని.

ప్రిన్సిపాలు గ్రేస్ మేడమ్ అక్కడికక్కడే దిద్దారు. పేపర్లు ఇస్తుండగా పిల్లలూ లోపలికొచ్చేశారు.

"సత్యవేణి గారూ, ఇరవైకి ఎనిమిదండి. పది రావాలి."

మోక్షిత వచ్చి పేపరు లాక్కుని చూసింది. దాని మొహం ఎర్రగా అయిపోయింది.

"అమ్మా! నా పేరుకి చిన్నక్షరం పెట్టావా? నిన్న చెప్పానా లేదా? కొడవలి కింద చుక్కేది? చెయ్యి పట్టు!"

గదినిండా జనం. ఎదురుగా ప్రిన్సిపాలు. సత్యవేణి ఏ ఆలోచనా లేకుండా, రోజూ పట్టినట్టే, అరచెయ్యి చాపింది.

టప్!

నా క్లిప్పు ఊడి ఎగిరి మేడమ్ బల్లమీద పడింది.

"ఏంటమ్మా ఇది? అమ్మని కొడతావా?"

"అమ్మని కాదు మేడమ్. స్టూడెంటుని."

స్మార్ట్ వాచీ ఆవిడ కిసుక్కున నవ్వింది. సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అది చెప్పిందండి మేడమ్ గారూ. నాకే బుర్రలో నిలబళ్లేదు. నాకు రాకపోతే నన్ను ఫెయిల్ చేసుకోండి. దాన్నెందుకండి చెయ్యడం?"

గ్రేస్ మేడమ్ ఎర్ర పెన్ను మోక్షిత చేతికిచ్చి, "దిద్దు," అన్నారు. అది బల్ల అందక మునివేళ్ల మీద నిలబడి, అమ్మ తప్పులన్నీ ఒక్కొక్కటే దిద్దింది. మధ్యమధ్యలో అమ్మ వంక గుర్రుగా చూసింది. మేడమ్ చదివారు. ఎక్కడా వంక దొరకలేదు.

"దీనికి ఇంట్లో చదువు ఎవరు చేయిస్తారు?"

"నేనేనండి. అంటే... అది చెప్తది, నేను పక్కన కూర్చుని తప్పులు రాస్తానండి."

మేడమ్ నవ్వాపుకోవడానికి కళ్లజోడు తుడుచుకున్నారు. "పిల్లకి సీటిస్తున్నాను. మీరు మాత్రం ఫెయిలే. దసరా అయ్యాక మళ్లీ రాయాలి. ఈ పేపరు మీద ఇంట్లో పెద్దవాళ్ల సంతకం పెట్టించి తెండి."

ఇంటికొచ్చాక అప్పాయమ్మ పేపరు తిరగేసి పట్టుకుని చూసింది. "ఎనిమిదే! మన ఇంటా వంటా ఇంగ్లీషులో ఎనిమిది ఎవరికొచ్చాయే? బెల్లం ముక్క తీసుకురా!" వీర్రాజు చెయ్యి తుడుచుకుని సంతకానికి పెన్ను అందుకున్నాడు. మోక్షిత లాగేసుకుంది.

"నువ్వు కాదు నాన్నా. చదువు చెప్పింది నేను."

పేపరుని నా మీద పరిచి, నాలుక బయటపెట్టి, పేరంతా రాసింది. మొదట పెద్దక్షరం. చివర చుక్క. ఆ చుక్కని అమ్మ ఇంకెప్పుడూ మర్చిపోకూడదన్నంత కసిగా నొక్కింది. కాయితం చిల్లుపడి, పెన్ను ములికి నా ఒంట్లో దిగింది.

క్లిప్పు లేని అట్ట పరీక్షలకి పనికిరాదు. సుభాషిణికి కొత్తది కొనిచ్చి నన్ను అట్టేపెట్టుకున్నారు. ఇప్పుడు నేను ఇడ్లీ పిండి గిన్నెకి మూతని. రోజూ సత్యవేణి గిన్నెతోపాటు నన్నూ తోముతుంది. రాకెట్టు చెరిగిపోయింది, ఎక్కాలు తప్పుతో సహా మాసిపోయాయి. ఆ చుక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం పీచు పక్కన పడేసి, వేలితో తుడుస్తుంది.