గౌరి పుట్టింటికి పోయిన రోజు

కళ్ళజోడు పెట్టుకొని పో అని నేను చెప్పాను. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత ఈయన ఊళ్ళో అందరికీ చీకట్లో జరిగిపోయిందని చెప్పుకున్నాడు. చీకటీ కాదు, పాడూ కాదు. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు కావాలి కానీ పావురాన్ని పట్టుకోవడానికి అక్కర్లేదట. చేతికే తెలిసిపోతుందట.

మా ఆయన గోవిందస్వామి మదనపల్లెలో టైలరు. పగలంతా మిషను ముందు, మిగతా పొద్దంతా మిద్దె మీద పందెం పావురాల దగ్గర. ఎంత దూరం తీసుకుపోయి వదిలినా తమ గూటికి తిరిగొచ్చే జాతి అది. అలాగని ఒక్కసారిగా దూరం పంపరు. మొదట పుంగనూరు, తర్వాత పలమనేరు, అక్కడి నుంచి బైరెడ్డిపల్లె, వి.కోట, చివరికి కుప్పం. పావురాలను గంపలో పెట్టుకొని బస్సులో పోవాలి, వదలాలి, ఖాళీ గంపతో మళ్ళీ బస్సెక్కి రావాలి. ఈయన ఇల్లు చేరేసరికి అవి ఎప్పుడో వచ్చి, నీళ్ళు తాగి, కునుకు తీస్తుంటాయి. ఇంత బతుకూ బతికి పావురాల కంటే వెనక ఇల్లు చేరే మొగుడు దొరికాడు నాకు.

తొంభై ఏడులో మా గూళ్ళలో మాది కాని పావురం ఒకటి ఉండేది. పేరు గౌరి. వి.కోటలో సైకిల్ అంగడి నడిపే మారప్పన్న, పిల్లలు తీయించుకోమని ఇచ్చిన పెట్ట అది. దాన్ని బయటికి వదలకూడదు. పావురం మొదట ఎక్కడ పెరిగితే అదే దాని ఇల్లు, వదిలితే నేరుగా వి.కోటకే పోతుంది. అందుకే మూడేళ్ళుగా జాలీ వెనకే ఉంచాం.

ఈ పావురాల వాళ్ళ మధ్య ఒక పట్టింపు ఉంది. ఒకరిచ్చిన పావురం వద్దనుకుంటే చేతికి తెచ్చి ఇవ్వాలి. గాల్లోకి వదిలి పంపారంటే నీ పావురమూ వద్దు, నీ పొత్తూ వద్దని మొహం మీద చెప్పినట్టే. కోడలిని పుట్టింటికి తోలేసినట్టు. కుప్పంలో ఒకాయన మారప్పన్నకు అలా ఒకసారి పంపాడు. ఆ రోజు నుంచి మారప్పన్న ఆయన వీధిలో కాలు పెట్టలేదు, ఆయన కూతురి పెళ్ళికి కూడా పోలేదు.

మాకు మారప్పన్న అంటే ఊరికే పావురాల స్నేహం కాదు. ఈయనకు కామెర్లు వచ్చి మంచాన పడ్డప్పుడు తన అంగడి మూసేసి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. పైకెక్కి పావురాలకు మేత వేసేవాడు, కిందికి దిగి నాకు ధైర్యం చెప్పేవాడు. తోడబుట్టినవాళ్ళు లేని ఈయనకు ఉన్న ఒక్క అన్న ఆయనే.

ఇక ఆ రోజు సంగతి. గుడ్ల మీదున్న పెట్టను పందేనికి పంపితే దారిలో ఎక్కడా ఆగకుండా వస్తుందని వీళ్ళ లెక్క. మా సుక్కి అలా గుడ్ల మీద ఉంది. పక్క అరలో గౌరి కూడా గుడ్ల మీదే ఉంది. రెండూ నీలం రంగువే, రెండింటికీ రెక్కల మీద నల్ల చారలే. ఈయన తెల్లవారుతుండగా మిద్దెక్కి, సుక్కిని లేపానని అనుకొని, ఇంకో ఐదింటితో పాటు గంపలో పెట్టుకొని కుప్పం బస్సెక్కాడు.

పొద్దు పొడిచాక నేను గింజలు తీసుకొని పైకి పోయాను. సుక్కి తన అరలో కూర్చొని నన్నే చూస్తోంది. పక్క అరలో రెండు గుడ్లు మాత్రమే ఉన్నాయి. తాకి చూస్తే ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. అక్కడే కూలబడ్డాను.

మూడేళ్ళు రెక్క విప్పని పెట్ట అది. ఎగరగలదా? డేగ కంట పడితే తప్పించుకోగలదా? పాపం, చేరకపోతే దాని ప్రాణం పోయినట్టు. చేరితే మారప్పన్నకూ మాకూ తెగిపోయినట్టు. చేర్చు స్వామీ అని మొక్కుకుందామంటే మనసు వెనక్కి లాగింది, చేర్చొద్దని మొక్కుకోవడానికి నోరు రాలేదు. ఊరికే ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గౌరి జంట మగది వచ్చి గుడ్ల మీద సర్దుకుంది. అదొక్కటే కాస్త ఊరట.

గంపలో పోయిన మిగతా ఐదూ వచ్చేశాయి. సాయంత్రానికి ఈయనా వచ్చాడు, పెళ్ళికొడుకు నవ్వు మొహాన పెట్టుకొని.

"సుక్కి ఎప్పుడొచ్చింది?"

"అది యాడికన్నా పోతే కదా వచ్చేదానికి," అన్నాను. "నువ్వు తీసకపోయింది గౌరిని."

ముందు నవ్వాడు. తర్వాత మెట్టు విడిచి మెట్టు దూకుతూ పైకి పరిగెత్తాడు. దిగి వచ్చేటప్పటికి మొహంలో నెత్తురు లేదు.

"వదిలినప్పుడు ఒకటి ఎనకబడింది," అన్నాడు. "ఎగరలేక ఎగరలేక పోతాండాది. సుక్కికి ఏమొచ్చింది రోగమని తిట్టుకొన్న."

"వచ్చేటప్పుడు కోటలో దిగలేదా?"

"బస్సు నిలబడితే టీ తాగినా."

"మారప్పన్న ఇంటికి పోలేదా?"

"బస్సు పోతాదని పోలేదు."

నాకు తల బాదుకోవాలనిపించింది, ఆయన తల.

"వాళ్ళ పక్కంగడికి ఫోన్ చేద్దామా?" అన్నాడు.

"చేసి ఏమని చెప్తావు?"

అన్నం దగ్గర కూర్చొని లేచిపోయాడు. చీకటి పడితే పొదగడం ఆడదాని వంతు. మగది లేచి, మిద్దంతా తిరిగి, గౌరి కనబడక మళ్ళీ తనే వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఆ బుద్ధి మనుషులకు ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కావు.

పొద్దున్నే మొదటి బస్సెక్కాం. నేనెందుకు పోయానంటే, ఈయనను ఒక్కణ్ణే పంపితే మారప్పన్న ముందు నిలబడి గోళ్ళు గిల్లుకుంటాడు. బైరెడ్డిపల్లె దాటాక ఈయన మెల్లగా, "ఈడ దిగి తిరిగి పోదామా?" అన్నాడు. నేను చూసిన చూపుకు కిటికీ వైపు తిరిగాడు. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది.

కోట బస్టాండులో దిగగానే మారప్పన్న కనబడ్డాడు. మదనపల్లె బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, చంకలో గంప, గంప మీద కట్టిన గుడ్డ. గౌరి బతికే ఉందని ఒక పక్క ప్రాణం లేచొచ్చింది. దాన్ని మా మొహాన కొట్టడానికే బయలుదేరాడని ఇంకో పక్క భయం పట్టుకుంది.

దగ్గరికి వచ్చాడు. ఈయన వైపు చూడను కూడా చూడలేదు. నన్నే అడిగాడు.

"గుడ్ల మీద ఎవురుండారు?"

"మగదన్నా."

"రాత్రంతానా?"

"రాత్రంతా లేవలేదన్నా."

మారప్పన్న గంప బెంచీ మీద పెట్టి, పక్కనే కూర్చొని, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బతికించినావు తల్లీ," అన్నాడు. అప్పుడు ఈయన వైపు తిరిగాడు.

"నిన్న మధ్యాన్నం మా మిద్దె మీద వాలింది. వీడు నాకే తిప్పి పంపినాడే అని కడుపు మండిపోయింది. దానికి తోడు నువ్వు ఈడ టీ తాగి పోయినావని మావాళ్ళు చెప్పిరి. ఇంటిదాకా రాలేదంటే ఇంక అయిపోయిందిలే అనుకొన్న."

"అన్నా, నేను..."

"ఉండప్పా. సందేళ గింజలేస్తే ముట్టలేదు. మూలమూలా ఎతుకుతాండాది. పట్టుకొని తిప్పి సూస్తే కడుపు కింద ఈకలన్నీ అణిగిపోయుండాయి. గుడ్ల మీదుండే పెట్టను పగోడు కూడా తిప్పి పంపడు. అప్పుడు తెలిసింది, నీకు పొగరు కాదు, కండ్లు లేవని."

ఈయన మెల్లగా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. నిన్నటి నుంచి బిగబట్టుకున్నదంతా అక్కడే బస్టాండులో, కండక్టర్లందరి ముందూ కారిపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కళ్ళు తుడుచుకోగానే ఇద్దరినీ కలిపి దులిపేశాను. కళ్ళజోడు పెట్టుకోనందుకు ఈయనను, ఒక పూటంతా మమ్మల్ని అనుమానించినందుకు ఆయనను. ఇద్దరూ తలలు వంచుకొని విన్నారు.

వచ్చిన బస్సు ముగ్గురమూ ఎక్కాం. గంప నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. సందులోంచి గౌరి దారంతా నా గాజులను పొడుస్తూనే ఉంది. ఇంటికి చేరాక మారప్పన్న మంచినీళ్ళు కూడా ముట్టకుండా మిద్దెక్కాడు. అర తెరవగానే మగది లేచి పక్కకు జరిగింది. గౌరి లోపలికి పోయి, ముక్కుతో గుడ్లు రెండూ ఒకసారి తిప్పుకొని, మీద కూర్చొని కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

"అమ్మా, ఎర్ర దారం ఒక పోగు తీసకరా," అన్నాడు మారప్పన్న.

మిషను దగ్గర రీలు తెచ్చి ఇచ్చాను. గౌరి కాలికి వదులుగా కట్టాడు. "ఇంక కండ్లజోడు లేకపోయినా తెలస్తాది," అన్నాడు. తర్వాత ఇంకో పోగు తెంపి, ఈయన చెయ్యి లాక్కొని మణికట్టుకు గట్టిగా ముడి వేశాడు.

"నాకు యాలన్నా?" అన్నాడు ఈయన.

"కోటలో బస్సు నిలబడితే మా ఇల్లు ఆడ ఉండాదని గుర్తుకు."

ఈయన తువ్వాలు తీసుకొని పావురాల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ దారం అదే తెగిపోయే దాకా తీయలేదు. తర్వాత ఎన్నిసార్లు కుప్పం పోయినా, బస్సు పోతే పోయిందని కోటలో దిగి, మారప్పన్న ఇంట్లోనే టీ తాగి వచ్చాడు.