బురుజు మీది డబ్బా

ఏడో జాకెట్టు పట్టీ బిగించి సీటు మీద పెట్టేసరికి ఐలేశానికి తెల్లవారింది. ఏడు సీట్లు, ఏడు నారింజరంగు జాకెట్లు. పడవ నడిపేవాడికి సీటూ లేదు, జాకెట్టూ లేదు. వెనక మోటారు పక్కన ఒక చెక్క పలక ఉంటుంది, దాని మీద కూర్చోవాలి. ఈత వచ్చినవాడికి జాకెట్టెందుకని కంపెనీ వాదన. పేదవాడి ప్రాణం ఎటూ తేలికే కాబట్టి తేలుతుందని నమ్మకం కాబోలు.

తడిగుడ్డతో సీట్లు తుడిచాడు. అడుగున చేరిన నీటిని కోసిన డబ్బా ముక్కతో తోడి పారబోశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టివాడు. పాదాలు మాత్రం బాతు పాదాల్లా వెడల్పు. కుడిచేతి చూపుడు వేలి మీద, రెండో కణుపు దగ్గర, చాకుతో గీసినట్టు ఒక గాడి ఉంది. నలభై ఏళ్లు గాలం తాడు ఆ వేలి మీదుగానే జారింది. తాడు కొస ఏ రాయికి తగిలిందో, ఏ మట్టిని రాసుకుందో, ఏ చేప వాసన చూసి వదిలేసిందో ఆ గాడికి తెలుస్తుంది. కంపెనీ దరఖాస్తులో 'విద్యార్హత' అన్నచోట ఆ వేలి ముద్రే వేశాడు. అర్హత కింద లెక్కపెట్టలేదు గానీ, ముద్ర కింద తీసుకున్నారు.

ఐలేశం కొత్తూరులో పుట్టినా పెరిగింది పుట్టిలోనే. తట్టలా గుండ్రంగా ఉండే ఆ చిన్న పడవలో వాళ్ల నాయిన ముందు కూర్చుని తెడ్డు వేసేవాడు, వీడు వెనక కూర్చుని గాలం ఈడ్చేవాడు. రెండేళ్ల కిందట సాగర్ వెనక నీళ్ల మీద 'చేపల వేట విహారం' అంటూ ఒక కంపెనీ దిగింది. ఒడ్డు పొడుగునా ఇనుప కంచె వేసింది. చేపలోళ్ల సొసైటీ దగ్గర పట్టా ఉంది, కంపెనీ దగ్గర టెండరుంది. ఈ రెండింటికీ పోటీ వస్తే పట్టా ఉన్నవాడికి పట్టు ఉండదని చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. పుట్టి ఇంటి వెనక బోర్లాపడింది. వెనకటికి డ్యాము కట్టినప్పుడు పాతూరు నీళ్లలో మునిగింది. ఇప్పుడు కొత్తూరు ఒడ్డు మీదే మునిగింది.

నీళ్ల మీద ఉండాలంటే కంపెనీ కార్డు మెడలో ఉండాలి. ఐలేశం ఇంకా సీజన్ మనిషే. కార్డు వస్తే పర్మినెంటు. కార్డు రాకపోతే కంచె ఇవతల నిలబడి నీళ్లను చూడటమే. ఆ ఒక్క ముక్క కోసం పోయిన జూన్ నుంచి రోజూ ఏడు జాకెట్ల పట్టీలు బిగిస్తున్నాడు.

ఏడు గంటలకు మేనేజరు సతీశ్ వచ్చాడు. వెంట తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. సతీశ్ చంకలో పలకంత మిషను ఉంది.

"ఐలేశం, ఈయన డానియల్ గారు. రైల్వేల ఆఫీసరుగ చేసి రిటైరయిండు. సారుకు ఇయ్యాల వాలుగ పడాలె. పడ్డదనుకో, నీ కార్డు సంగతి నేను చూసుకుంట."

"పడతది సారూ. వాలుగ యాడికి పోతది. దానికీ కార్డు లేకపాయె."

డానియల్ నవ్వాడు. సతీశ్ నవ్వలేదు. మిషన్ని పడవ ముందు భాగంలో బిగించి, దాని తీగను నీళ్లలోకి వదిలాడు. అది నీటి లోతు చూపిస్తుందట, కింద చేపలుంటే చూపిస్తుందట.

పడవ కదిలింది. వెనక రెండు గాలపు కర్రలు నిలబెట్టి, వాటి దారాల కొసన కొయ్యచేపలు కట్టి, అరవై బారల దూరం వదిలారు. ఈ వేటలో గాలం వేసి కూర్చోరు. మనిషి నడిచే వేగంతో పడవ పోతూ ఉంటుంది, దాని వెనక కొయ్యచేప బతికున్న చేపలా ఈదుతూ ఉంటుంది. వాలుగ వెండి కత్తిలాంటి చేప. నోరు తెరిస్తే చెవుల దాకా నోరే. అది తిండి కోసం తిరగదు. ఏ సందులోనో, ఏ గోడ పక్కనో దాక్కుని, తిండి తన ముందుకొచ్చాక మింగుతుంది. అందుకని అది దాక్కునే సందు తెలిసినవాడికే దొరుకుతుంది.

ఐలేశం కళ్లు నీళ్ల మీద లేవు, ఒడ్డు మీద ఉన్నాయి. ఎడమవైపు గుట్ట మీది ఒంటిరాయినీ, కుడివైపు సెల్లు టవరునూ చూసుకుంటూ మోటారు తిప్పుతున్నాడు. నాయిన రోజుల్లో టవరున్న చోట తాటిచెట్టు ఉండేది. చెట్టు పోయింది, గురుతు మిగిలింది.

"ఈ కింద ఏముందండీ, ఐలేశం గారూ?" అన్నాడు డానియల్.

ఐలేశం పేరు వెనక 'గారూ' వినపడటం అదే మొదటిసారి. గాలం కొయ్యచేపకే కాదు, మాటకు కూడా కట్టొచ్చు. కాకపోతే డానియల్ గాలమేమీ వేయలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"పాతూరు సారూ. మా నాయిన పుట్టిన ఊరు. నేను జూడలె, నీళ్లే జూసిన. గని నాయిన పుట్టిల కూసుండవెట్టుకొని వాడవాడ తిప్పిండు. ఇప్పుడు మనం కుమ్మరి వాడకట్టు మీదికెళ్లి పోతానం. గీ ఎడమకు గచ్చు బాయి. బాయి గడ్డకు చిన్న వాలుగలుంటయి."

పడవ ముందు వైపు నుంచి 'టింగ్' అని చప్పుడైంది. సతీశ్ మిషను మీద వేలు పెట్టి ఏదో నొక్కాడు.

"అదేంది సారూ?"

"ఏం లేదు. నువ్వు చెప్పు, సారు వింటాండు."

ఐలేశం చెప్పాడు. కొత్తూరులో ఈ ముచ్చట అడిగేవాడు లేక పదేళ్లయింది. నోట్లో నానిన ఊరంతా ఒక్కసారి బయటికొచ్చింది. చావడి అరుగు చెప్పాడు, టింగ్. సాలోళ్ల సందు చెప్పాడు, టింగ్. మోటారు వేగం తగ్గించి, గొంతు కూడా తగ్గించాడు.

"ఇప్పుడు కరణం దొడ్డి వస్తాంది. దర్వాజ కమాను ఇంక నిలవడే ఉన్నది. దాని కింద పెద్దది కూసుంటది. కరణం పోయిండు గని ఆ దర్వాజ కాడ మింగుడు ఆగలేదు అనేటోడు నాయిన."

డానియల్ నవ్వు పూర్తికాకముందే కుడి కర్ర విల్లులా వంగింది. దారం కీచుమంటూ పోయింది. రైల్వే ఆఫీసరు లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ లేచాడు.

"గుంజకుండ్రి సారూ. దాని తొవ్వల దాన్ని పోనియ్యుండ్రి. అది గోడకు రాసుకోకుంట నేను పడవ తిప్పుత. ఆఁ, ఇప్పుడు సుట్టుండ్రి. మెల్లగ."

పావుగంట పట్టింది. ఎనిమిది కిలోల పైన ఉంటుంది. పడవలోకి లాగాక అది రెండుసార్లు తోక కొట్టి, మీసాలు ఆడిస్తూ పడుకుంది. డానియల్ వంగి ఐలేశం చేతులు పట్టుకున్నాడు. ముందు నుంచి టింగ్‌మంది.

ఫొటో తీయాలన్నాడు సతీశ్. చేపను ఎత్తించి, వెనక గుట్టలు కనిపించేలా డానియల్‌ని నిలబెట్టాడు. ఫోనులో చూసి మొహం చిట్లించాడు. డానియల్ భుజం పక్కన, నీళ్ల మీద, తెల్లటి నూనె డబ్బా ఒకటి ఊగుతోంది.

"గీ చెత్త ఏంది? ఫొటో ఖరాబు చేస్తాంది. తీసెయ్యి."

"చెత్త గాదు సారూ. దాని కింద బురుజున్నది. డబ్బా నేనే కట్టిన. కాలువకు నీళ్లిడిసిండ్రు, రోజింత దిగుతానయి. ఇంకో పదిరోజులైతే బురుజు తల మోకాలు లోతుకొస్తది. తెల్వనోడు మోటారేసుకొనొస్తే పడవ పగులుతది. నాయిన సొరబుర్ర కట్టేటోడు, నేను డబ్బా కడుతున్న."

సతీశ్ మిషను చూశాడు. "నాలుగు ఫీట్లున్నది. పడవకు రెండు చాలు. మ్యాపుల ఎక్కిచ్చిన, ఫికరు లేదు."

"ఏదో అవసరం కొద్దీ కట్టి ఉంటారు, ఉండనీయండి" అన్నాడు డానియల్.

"అన్నీ దీంట్ల ఉన్నయి సార్." సతీశ్ వంగి, చేపలు కోసే కత్తితో తాడు కోసి డబ్బాను పడవలోకి విసిరాడు. డానియల్ టోపీ సర్దుకున్నాడు. మర్యాదస్తులతో వచ్చిన చిక్కే ఇది. ఒకసారి అంటారు, రెండోసారి టోపీ సర్దుకుంటారు. ఫొటో మాత్రం శుభ్రంగా వచ్చింది.

ఒడ్డుకొచ్చాక డానియల్ వెళ్తూ వెళ్తూ ఫోనులో నాలుగు ముక్కలు రాశాడు. 'గొప్ప అనుభవం. పడవ శుభ్రంగా ఉంది. సిబ్బంది మర్యాదగా ఉన్నారు.' ఊరంతా తిప్పి చూపించిన మనిషి 'సిబ్బంది' అనే గుంపులో కలిసిపోయాడు.

ఐలేశం జాకెట్లు ఎండకు ఆరేస్తుంటే సతీశ్ వచ్చాడు.

"ఐలేశం, రేపటి సంది నువ్వు రాకు. హనుమంతు అని లైసెన్సున్న డ్రైవరొస్తాండు. యాభై అయిదు దాటినోళ్లకు కార్డియ్యొద్దని రూలొచ్చింది."

"ఎప్పుడొచ్చింది సారూ, రూలు?"

"ఎప్పుడొస్తే ఏంది? జాగాలన్నీ మిషన్ల పడ్డయి. ఇంక నువ్వెందుకు, చెప్పు."

అప్పుడర్థమైంది ఐలేశానికి, ఆ టింగు టింగులేమిటో. నాయిన ముప్ఫై ఏళ్లు చెప్పిన ఊరిని తను ఒక్క పూటలో అప్పజెప్పాడు. అదీ అడక్కముందే, సంబరపడుతూ. దొంగకు తాళంచెవి ఇచ్చి, ఏ బీరువాలో ఏముందో పాట పాడి మరీ చెప్పినట్టయింది. పాతూరు మునిగినప్పుడు సర్కారు కనీసం ముందుగా ఒక కాగితం అంటించింది. ఈసారి కాగితం కూడా లేదు.

"మిషన్ల ఇయ్యాల్టి నీళ్లే ఉన్నయి సారూ. రేపు దిగేటి నీళ్లు లెవ్వు" అన్నాడు.

సతీశ్ అప్పటికే ఫోనెత్తాడు. ఐలేశం మోటారు తాళం బల్ల మీద పెట్టాడు. చెత్తబుట్టలోంచి తెల్ల డబ్బా తీసుకుని కంచె దాటాడు.

ఇంటి ముందు పుష్పమ్మ చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. భర్త చేతిలో డబ్బా చూసింది, మెడ చూసింది. కార్డు లేదు.

"తీసేసిండ్రా?"

"ఆఁ. ఊరంతా చెప్పిన. కుమ్మరి వాడకట్టు, కరణం దొడ్డి, అన్నీ."

"ఎవనికి?"

"మిషనుకు."

పుష్పమ్మ చాట కింద పెట్టింది. "ముప్పై ఆరేండ్లు కాపురం జేస్తి. కరణం దొడ్డి యాడున్నదో నాకెన్నడన్న జెప్పినవా?"

"నువ్వడిగినవా?"

"అడిగిన. లగ్గమైన ఏడాదే అడిగిన. తెడ్డు పట్టినోనికే తొవ్వ చెప్పాలె, మా నాయిన మాట అంటివి. గా మిషను పట్టిందా తెడ్డు?"

పెద్దల మాటకు కట్టుబడి పెళ్లానికి దాచినదాన్ని పరాయివాడి పలకకు ధారపోసిన ఆ మనిషి ఇంటి వెనక్కి పోయి బోర్లా పడున్న పుట్టిని తిప్పాడు. లోపల బల్లి పరుగెత్తింది.

"గిప్పుడేడికి?"

"డబ్బా కట్టాలె. రేపు కొత్త పిలగాడు జనాలనెక్కిచ్చుకొని వస్తడు. వాళ్లేం జేసిండ్రు పాపం."

"నిన్ను ఎల్లగొట్టినోళ్ల పడవ పగిలితే నీకేంది?"

"పడవ వాళ్లది. బురుజు మనది. మన బురుజు తాకి మనిషి సచ్చిండంటే ఊరికి మాట."

పుష్పమ్మ కొంగు నడుముకు దోపింది. "పా. తెడ్డు నేను వడత."

కంచె వాగు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి పుట్టిని నీళ్లలోకి దింపారు. పొద్దు గుట్ట మీద మూరెడు ఎత్తున ఉంది. పుష్పమ్మ ముందు కూర్చుని తెడ్డు వేసింది. మొదట్లో పుట్టి గిరగిర తిరిగింది, ఆమె దాన్ని తిట్టింది, తర్వాత మాట విన్నది. వెనక నుంచి ఐలేశం చెప్పుకుంటూ పోయాడు. ఇది కుమ్మరి వాడకట్టు. ఇది గచ్చు బాయి. ఇది మా ఇల్లు, దీని మీద మాత్రం నేనెప్పుడూ గాలం ఈడ్వలె. పొద్దున మిషనుకు చెప్పని ఇల్లు అదొక్కటే. పుష్పమ్మ అక్కడ తెడ్డు ఆపి, నీళ్లలోకి చూసి, ఏమీ కనపడకపోయినా కాసేపు అలాగే చూసింది.

బురుజు మీద ఐలేశం పుట్టి దిగాడు. రొమ్ములోతు నీళ్లు. పాదాల కింద గచ్చు నున్నగా, పాకురుతో జారుడుగా తగిలింది. తాను పుట్టకముందే మునిగిన ఊరి మీద రెండు కాళ్లతో నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి మునిగి, గోడలో పాతకాలపు తుపాకి కన్నం వెతికి, తాడు దాంట్లోంచి దూర్చి రెండు పేటలుగా ముడివేశాడు. మూడుసార్లు మునిగాడు. పైకి వచ్చాక పుష్పమ్మ కొంగుతో అతని తల తుడిచింది.

"ఊకె తాడేనా, ముడి కూడ చెప్తవా?" అంది.

ముడి కూడా చెప్పాడు.

ఆ సోమవారం ఇద్దరూ మేళ్లచెరువు బస్సెక్కారు. పుష్పమ్మ తమ్ముడు అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని మాట్లాడాడు. మొదటి రోజే ఐలేశం మెడలో కార్డు వేశారు. దాని మీద ఫొటో ఉంది, పేరు తప్పుగా ఉంది. వచ్చే లారీలనూ పోయే లారీలనూ చూస్తూ కుర్చీలో కూర్చుంటాడు. నీళ్లంటే అక్కడ దుమ్ము అణచడానికి పైపుతో కొట్టేవే.

ఇక్కడ డబ్బా మళ్లీ మొలిచిందని సతీశ్ మండిపడ్డాడు, కోసెయ్యమన్నాడు. హనుమంతు తాడు ఎత్తి ముడి చూశాడు. నీళ్ల మీద ఎవరో కట్టిన డబ్బాను ఎందుకు కట్టారో తెలియకుండా కోయడం తనకు చేతకాదన్నాడు. పడవను పక్కకు తిప్పి తీసుకుపోయాడు. పదిరోజులయ్యాక నీళ్లు దిగాయి. కరణం దొడ్డి మీద మిషను చూపించిన లోతు కరణం దొంగలెక్కలాగే తేలింది. చేపలు తావు మార్చాయి. ఎటు మారాయో అందులో టింగుమనలేదు.

మార్చి నాటికి బురుజు తల పూర్తిగా బయటపడింది. దాని మీద, ఎండిన పాకురు పెచ్చుల మధ్య, రెండు పేటల తాడు చుట్టుకుని, తెల్ల డబ్బా నీళ్ల కోసం చూస్తున్నట్టు పక్కకు ఒరిగి ఉంది.