డాక్టర్ కుర్చీ

కాల్చిన లావు మిరపకాయ తొక్కను వేడి మీదుండగానే తీసెయ్యాలి. చల్లారితే కండను పట్టుకుని వదలదు. ఆ ఆదివారం మా అత్తగారు స్వెతానా బాల్కనీలో పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్కటే కాల్చి గిన్నెలో వేస్తున్నారు. నేను వంటింటి బల్ల దగ్గర నిలబడి తొక్క తీస్తున్నాను. సెప్టెంబరు వస్తే మా సోఫియా నగరంలో ప్రతి బాల్కనీలోనూ ఇదే పొగ, ప్రతి ఇంట్లోనూ చలికాలానికి ఇదే పచ్చడి. మా ఆయన స్విలెన్ సోఫాలో ఉన్నాడు. పచ్చడి సీసాలు ఎక్కడున్నాయని అడిగాను. "కింద సామాన్ల గదిలో ఉంటాయిగా" అన్నాడు. ఉంటాయని నాకూ తెలుసు. తెస్తాడా అన్నదే నా ప్రశ్న. చేతిలో మిరపకాయ పడేసి నేనే దిగి వెళ్లి తెచ్చుకున్నాను. తలుపు కాస్త గట్టిగా వేసినట్టున్నాను. "ఈమధ్య నువ్వు నువ్వులా లేవు నెవెనా" అన్నాడు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ మాట నాకు కొత్త కాదు. వేసవి మొదట్లోనే దాన్ని ఆఫీసుకు తీసుకెళ్లాను.

నేను ఒక మందుల కంపెనీలో మార్కెటింగ్ చూస్తాను. మాకు ఆందోళనకు వాడే మాత్ర ఒకటి ఉంది. తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లకు, అదీ కొన్ని వారాలే ఇవ్వాలని దాని అనుమతి పత్రం చెప్తుంది. అంతకు మించి వాడితే మానుకోవడం కష్టం. అలాంటి రోగులు కొద్దిమందే కాబట్టి అమ్మకాలూ కొద్దిగానే ఉండేవి. "రోగులు లేకేం? తమకు రోగముందని వాళ్లకు తెలీదంతే" అన్నాడు మా మేనేజర్ కాలిన్. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మందు ఎవరికి అమ్మాలో ఆ మనిషిని ముందు మేమే తయారు చేసుకుంటాం. పేరు పెడతాం, వయసు, ఇల్లు, అలవాట్లు ఇస్తాం, ఒక ఫొటో వెతికి గోడకు అంటిస్తాం. ఆ పని నాకు వచ్చింది. నేను రుమ్యానాను తయారు చేశాను. నలభై దాటిన మనిషి. ఉద్యోగం చేస్తుంది. అత్తగారు అదే ఇంట్లో ఉంటారు. సాయంత్రమయ్యేసరికి ఆమె గొంతు పెరుగుతుంది. పట్టుకున్న పని మధ్యలో పడేసి వెళ్లిపోతుంది. ఈమధ్య నువ్వు నువ్వులా లేవని భర్త అంటుంటాడు. ఇంత బాగా ఎలా పట్టుకున్నావని మీటింగులో అందరూ అడిగారు. పరిశోధన అన్నాను.

డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సిన మందును జనానికి పేరు చెప్పి ప్రకటించడం చట్టం ఒప్పదు. అందుకని క్లినిక్ గోడకు అంటించే పోస్టర్‌లో మందు పేరు ఉండదు. మూడు ప్రశ్నలే ఉంటాయి. మీ ఇంటి ఆవిడ సాయంత్రాలు గొంతు పెంచుతున్నారా? మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తున్నారా? మునుపటిలా లేరని మీకు అనిపిస్తోందా? కింద, మీ డాక్టరును అడగండి అని ఉంటుంది. మాత్ర పేరు మా మెడికల్ రెప్ లోపలికి వెళ్లి డాక్టరుకు చెప్తాడు. పోస్టర్‌ను విడిగా చూస్తే తప్పు లేదు. రెప్ మాటను విడిగా చూసినా అంతే. మా న్యాయ విభాగం రెండూ చదివి గీత కూడా పెట్టకుండా తిప్పి పంపింది. పరీక్షగా సోఫియాలో కొన్ని క్లినిక్‌లలో అంటించారు. అప్పటినుంచి నా కాలు ఒకచోట నిలవడం మానేసింది. కూర్చుంటే లేవాలనిపించేది. లేచాక ఎందుకు లేచానో తెలిసేది కాదు. కట్టేసిన కుళాయిని మళ్లీ కట్టేసేదాన్ని. పని ఎక్కువై అలా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

బుధవారం అత్తగారు రక్తపోటు చూపించుకోవడానికి వెళ్లొచ్చారు. సాయంత్రం నేను భోజనాల బల్ల సర్దుతుంటే నా పళ్లెం పక్కన ఒక డబ్బా పెట్టారు. ఆ డబ్బా రంగు ఎంచింది నేనే.

"ఏంటత్తయ్యా ఇది?"

"నీకే. డాక్టరమ్మ రాసిచ్చింది."

"నేను డాక్టర్ దగ్గరికి వెళ్లనేలేదుగా?"

"నువ్వు వెళ్తావా, నీకు తీరికేది? నేనే చెప్పాన్లే. అక్కడ గోడ మీద మూడు ప్రశ్నలు పెట్టారు. మూడింటికీ అవునన్నాను. నిన్ను చూసి రాసినట్టే ఉంది పిల్లా."

స్విలెన్ డబ్బా తిప్పి చూసి నవ్వాడు. "మీ కంపెనీదే! అంత పెద్ద ఉద్యోగం చేస్తున్నావు, ఊరికే తెచ్చిపెట్టలేకపోయావా?"

"నవ్వకురా" అన్నారు అత్తగారు. తర్వాత నా వైపు తిరిగి, "వేసుకో. నీ మంచికే చెప్తున్నాను. మా రోజుల్లో ఇలాంటివి లేవు. ఉంటే నేనూ వేసుకుందును. మా అత్త పోయేదాకా బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. నీళ్ల చప్పుడుకి బయటికి వినపడదు" అన్నారు. ఆమె అలాంటి మాట నాతో అనడం అదే మొదటిసారి. వెంటనే రొట్టె కోయడం మొదలుపెట్టారు.

డబ్బా మీద నా పేరుతో చీటీ ఉంది. నెవెనా, రోజూ సాయంత్రం ఒకటి. ఆ మూడు ప్రశ్నలూ నాకు నోటికొచ్చు. అయినా మనసులో మళ్లీ చదువుకున్నాను. మూడూ ఇంటి ఆవిడ గురించే. ఒక్కటీ ఆవిడను అడిగేది కాదు. అది పొరపాటున జరగలేదు. మొదట ప్రశ్నలు ఆడవాళ్లకే రాశాం. అడిగి చూస్తే, నాకు జబ్బేం లేదు, అలిసిపోయానంతే అన్నారు చాలామంది. అలిసిపోయినవాళ్లకు అమ్మడానికి మా దగ్గరేమీ లేదు. అప్పుడు నేనే అన్నాను, ఆమెను అడగొద్దు, ఇంట్లోవాళ్లను అడుగుదాం, వాళ్లే తీసుకొస్తారు అని. కాలిన్ నాకు చప్పట్లు కొట్టించాడు. ఇంట్లోవాళ్లు ఆమెను తీసుకురానక్కర కూడా లేదని ఇప్పుడు తేలింది.

శుక్రవారం ప్లోవ్‌దివ్ నగరంలో దేశంలోని మా రెప్‌లందరికీ శిక్షణ. రుమ్యానా ఫొటో, మూడు ప్రశ్నలూ, మాత్ర పేరూ ఉన్న కార్డులు సాయంత్రం వాళ్ల సంచుల్లోకి వెళ్తాయి, సోమవారం నుంచి అన్ని ఊళ్లలో డాక్టర్ల బల్లల మీద ఉంటాయి. కార్లో వెళ్తూ కాలిన్‌తో చెప్పాను. ఈ ప్రశ్నలు తప్పు, తీవ్రమైన జబ్బుకిచ్చే మందును అలిసిపోయినవాళ్లకు అంటగడుతున్నాం, ఆపాలి అన్నాను.

"ఇప్పుడా? అచ్చయిపోయాయి కదా."

"అచ్చయినవి పారేయొచ్చు."

"రాసింది నువ్వే, మెచ్చుకోలూ నీకే వచ్చింది. ఇప్పుడిదేంటి? ఇంట్లో ఏమైనా గొడవా?" అని రేడియో పెంచాడు.

హోటల్ హాల్లో వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. ఒకటి డాక్టరుది, ఒకటి రెప్‌ది. మా శిక్షణలన్నీ ఇలాగే జరుగుతాయి. రెప్ కుర్చీలో పావ్లిన్ కూర్చున్నాడు. మాటకారి, డాక్టర్ల పిల్లల పుట్టినరోజులు కూడా గుర్తుంచుకునే మనిషి. డాక్టర్ కుర్చీ కాలిన్ నాకు చూపించాడు. "కొంచెం మొండి డాక్టరుగా ఉండు నెవెనా. మరీ మొండిగా వద్దు, కుర్రాడు ఏడుస్తాడు." హాలు నవ్వింది. వెళ్లి కూర్చున్నాను. నా గోళ్ల కింద ఆదివారం నాటి మసి ఇంకా పోలేదు.

"నమస్కారం డాక్టర్" అన్నాడు పావ్లిన్. "మీ దగ్గరికొచ్చే కుటుంబాల్లో సాయంత్రాలు గొంతు పెంచే ఆవిడ ఎవరో ఒకరు ఉంటారు కదండీ."

"గొంతు పెంచుతుందని ఎవరు చెప్పారు?"

"వాళ్లాయనండీ."

"ఆవిడేమంది?"

పావ్లిన్ కార్డు చూసుకున్నాడు. "ఆవిడ... అది ఇందులో లేదండీ."

"ఆవిడ రాలేదా?"

"తీరిక లేక అయ్యుంటుంది డాక్టర్."

వెనక వరసల్లో ఆడవాళ్లు నవ్వారు.

"ఈ మాత్రకు అనుమతి దేనికుంది?"

"తీవ్రమైన ఆందోళనకండీ."

"ఈవిడకు అది ఉందని ఎవరు తేల్చారు?"

"అత్తగారు!" అంది వెనకనుంచి ఒక గొంతు. హాలంతా ఘొల్లుమంది. కాలిన్ చేతులెత్తి ముందుకొచ్చాడు. "చాలు చాలు. డాక్టర్ గారికి ఇవాళ మూడ్ బాగాలేదు. చూడు పావ్లిన్, ఇలాంటప్పుడు వాదించకూడదు. ఏమంటాం? వచ్చేవారం మళ్లీ కలుస్తానండీ అంటాం, చాక్లెట్లు పెట్టి వచ్చేస్తాం." కొందరు రాసుకున్నారు కూడా. నేను అన్నదాన్ని కూడా అతను పాఠం చేసేశాడు.

సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది నా పేరున రాశారు. నన్ను చూడలేదు, అడగలేదు. రాసిన డాక్టర్ చెడ్డావిడ కాదు, అడిగి తెచ్చిన మా అత్తగారూ చెడ్డవారు కాదు. ఆ ప్రశ్నలు రాసింది నేను. మీ కార్డు మీదున్న రుమ్యానాను మా వంటింట్లోంచి తెచ్చాను. ఆవిడ ఏమందో కార్డులో లేదన్నాడు పావ్లిన్. అలిసిపోయానంది. మేం కొట్టేశాం. ఇది మందుల నియంత్రణ శాఖకు నేనే చెప్తాను. సోమవారమే చెప్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "కాఫీ" అన్నాడు కాలిన్ గట్టిగా. "అందరూ కాఫీకి వెళ్లండి." కుర్చీలు జరిగాయి, కానీ తలుపు వైపు వెళ్లినవాళ్లు తక్కువ. పావ్లిన్ కార్డును బల్ల మీద బోర్లా పెట్టి లేచిపోయాడు. కాలిన్ నా మీదికి వంగాడు.

"లే నెవెనా. ఈ ఉద్యోగం పోగొట్టుకోకు. డాక్టరుగా ఇంకెవరైనా కూర్చుంటారు."

నా కాళ్లు కదల్లేదు. వేసవి నుంచి ఒకచోట నిలవని కాళ్లు ఇప్పుడు నేలకు ఆనుకుని ఉన్నాయి. ఇందాక "అత్తగారు!" అని అరిచిన వెనక వరస ఆవిడ కాఫీకి వెళ్లకుండా వేదిక కింద నిలబడి ఉంది, చేతిలో కార్డుతో. పేరు నాకు తెలియదు.

లేవకుండానే పావ్లిన్ ఖాళీ చేసిన రెప్ కుర్చీని ఆమె వైపు తిప్పాను.

"తర్వాత ఎవరు?" అన్నాను.